దేవకుమారి గోళెం

దివిసీమ ఉప్పెన వచ్చిన తొమ్మిదో ఏట సీమోను ఆ ఏసీని రేపల్లెలో విప్పి, బాపట్లలో కృపారావు ఇంట్లో బిగించాడు. పదకొండో ఏట రోహిణి కార్తెలో అది పోయింది. ఆ ఇంట్లో ఏ లెక్కైనా ఉప్పెన నుంచే. కృపారావు తల్లి, ముసలావిడ పుల్లమ్మ, కొడుకు పెళ్ళి గురించి చెప్పినా "ఉప్పెనకి ముందు వేసవి" అనేది. ఆ రాత్రి సముద్రం వాళ్ళ దొడ్లోకి వచ్చి బావిలో దిగింది. నీళ్ళు వెనక్కి తీశాయి గానీ ఉప్పు తియ్యలేదు. ఆనాటి నుంచి ఆ బావి నీళ్ళు గిన్నెలు తోముకోడానికీ, దొడ్డి కడుక్కోడానికే.

సీమోనుది తెనాలి. స్టేషను దగ్గర చిన్న కొట్టు. ఫ్రిజ్జులు, కూలర్లు, ఎప్పుడన్నా ఒక ఏసీ. మాట తక్కువ మనిషి. సీమోను చేత మాట్లాడించడం కంటే కంప్రెసర్ చేత మాట్లాడించడం తేలిక అని పక్క కొట్టువాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

బాపట్ల దాటి సూర్యలంక రోడ్డులో ఉండేది కృపారావు ఇల్లు. అతను ఆఫీసులో గుమస్తా. భార్య అన్నమ్మ మిషన్ బడిలో పంతులమ్మ. అలాంటి ఇంట్లో ఏసీ ఏంటని వీధంతా నోళ్ళు నొక్కుకుంది. సరదాకి కాదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు దేవకుమారికి చెమట పట్టదు. పుట్టుకతోనే అంతే. జుట్టు పలచన, పళ్ళు రెండో మూడో మొనదేలి ఉండేవి. చలికాలమంతా అందరి పిల్లల్లాగే ఆడుకునేది. ఎండలు వచ్చాయంటే ఒళ్ళు పెనంలా కాలిపోయేది. గుంటూరు పెద్ద డాక్టరు చూసి, "దీనికి మందు లేదమ్మా. చల్లగా ఉంచుకోవడమే మందు" అన్నాడు. ఉన్న అరెకరం అమ్మేసి, రేపల్లెలో రైసుమిల్లు జనార్దనరావుగారు వాడి వదిలేసిన పాత ఏసీ కొన్నారు.

సీమోను దాన్ని గోనెలో చుట్టి రేపల్లె బండిలో తెనాలి తెచ్చాడు. అక్కడ నూనె, గ్యాసు సరిచేసి బాపట్ల తీసుకెళ్ళాడు. గోడ పగలగొడుతుంటే పుల్లమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏరా అబ్బాయ్, ఇంత కన్నం పెడుతున్నావు, దొంగలు దూరరూ?"

"ఈ పెట్టెని దాటి రాలేరు పెద్దమ్మా."

"వస్తే పెట్టెనే ఎత్తుకుపోతారు. ఇంట్లో ఇంకేం మిగిలిందీ?"

అన్నమ్మ నవ్వాపుకుంది. సీమోను బిగించి స్విచ్ వేశాడు. పెట్టె ఒక్క మూలుగు మూలిగి, గదంతా చల్లబడింది. దేవకుమారి దాని ముందు మొహం పెట్టి కళ్ళు మూసుకుంది. కాసేపటికి చేతులు ముడుచుకుంది.

"అమ్మా, నాకు చలేస్తోంది."

మే నెల. బయట తారు రోడ్డు మెత్తబడింది. అన్నమ్మ పరుగున వెళ్ళి దుప్పటి తెచ్చింది. వేసవిలో తన బిడ్డకి దుప్పటి కప్పడం ఆ తల్లికి అదే మొదటిసారి. కప్పి, చూసుకుని, గోడవైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచి సీమోను ఆ పిల్లకి చలి మావయ్య. అన్నమ్మకి అన్నయ్య. కృపారావుకి బావ.

వెళ్ళబోతూ సీమోను అన్నమ్మని పెట్టె వెనక్కి తీసుకెళ్ళి చూపించాడు. "చెల్లెమ్మా, సముద్రం గాలికి ఈ రేకుల్లో ఉప్పు పడుతుంది. కడక్కపోతే రాగి గొట్టాన్ని తినేస్తుంది. రోజూ స్విచ్ ఆపి ఒక చెంబెడు మంచినీళ్ళు పొయ్యి. ఒక్కరోజు మానొద్దు."

"మనుషులకి లేని మంచినీళ్ళు ఇనప్పెట్టెకా?" అంది పుల్లమ్మ.

సీమోను ముసలావిడ మాటలే అనుకున్నాడు. అతని ఊళ్ళో మూడు కాలవలు ఊరి నడుమ నుంచే పోతాయి. తెనాలి వాడికి చెంబెడు మంచినీళ్ళు ఒక లెక్క కాదు.

రెండు వేసవులు బాగా జరిగాయి. చీరాలవైపు పనిబడ్డప్పుడల్లా సీమోను బాపట్లలో దిగేవాడు. జీడిపప్పు పొట్లం తెచ్చేవాడు. ఆ పిల్లకి కొరకడానికి పళ్ళు లేవని గుర్తొచ్చి ఒకసారి తనే నూరి పొడి చేసుకొచ్చాడు. దేవకుమారి అతన్ని ఊరికే ఉండనిచ్చేది కాదు.

"మావయ్యా, చెమటంటే ఎలా ఉంటుంది?"

అతను వంగి నుదురు చూపించాడు. ఆ పిల్ల వేలితో తుడిచి చూసుకుంది. ఠక్కున నాలిక మీద పెట్టుకుంది.

"ఛీ! ఉప్పగా ఉంది. నాకొద్దు, నువ్వే ఉంచుకో."

సీమోను నవ్వాడు. ఆ నవ్వు తెనాలి వాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు.

పదకొండో ఏట కృపారావు తెల్లారుజామున బండికి తెనాలి వచ్చాడు. కొట్టు తలుపు ఇంకా తీయలేదు. "బావా, గాలొస్తోంది గానీ చల్లదనం రావడం లేదు. పిల్లకి నిన్నటి నుంచి జ్వరం."

సీమోను గ్యాసు సిలిండరు, వెల్డింగు సామాను తీసుకుని అతని వెంటే బండెక్కాడు.

ఇంట్లో దేవకుమారిని తడిదుప్పటిలో చుట్టి నేల మీద పడుకోబెట్టారు. పక్కన మూతి వెడల్పాటి మట్టి గోళెం, దాని పలకమూత తీసి ఉంది. అన్నమ్మ చెంబుతో ముంచి దుప్పటి మీద చల్లుతోంది. సీమోను పెట్టె వెనక మూత విప్పాడు. రేకులు వేలు తగిలితే బూడిదలా రాలాయి. రాగి గొట్టం చిలుమెక్కి పచ్చగా తిరిగిపోయింది. దాని మీద తెల్లటి చెక్కు కట్టింది, నీళ్ళు కాచే తపేలా అడుగున కట్టినట్టు. గాలికి పట్టే ఉప్పు పొడిలా ఉంటుంది. ఇలా చెక్కు కట్టదు.

"చెల్లెమ్మా, కడుగుతున్నారా?"

"అయ్యో, ఒక్కరోజు మానలా అన్నయ్యా. ఎండలు ముదిరాక రెండుపూటలా పోస్తున్నా."

"ఏ నీళ్ళు?"

"కాలవ పారినన్నాళ్ళూ మంచినీళ్ళే పోశా. ఎండాకాలం కాలవలు కట్టేస్తారుగా, అప్పుడు బావివే. ట్యాంకరు రెండ్రోజులకోసారి వచ్చినా ఇంటికి మూడు బిందెలే. అవన్నీ ఆ గోళెంలోకే. అవి దేవకుమారివి, మేం తాగేదీ కొలుచుకునే. కరెంటు పోతే తడిగుడ్డ చుట్టాలి కదా, బావినీళ్ళు తగిలితే దాని ఒళ్ళంతా దద్దుర్లెక్కుతుంది. ఇనుముకి దద్దుర్లేం వస్తాయిలే అని..." అంటూ అతని మొహం చూసి ఆగింది. "ఏం అన్నయ్యా, పొయ్యకూడదా?"

సీమోను స్పానరు వెతుక్కుంటున్నట్టు సంచిలోకి వంగాడు.

"ఏం లేదులేమ్మా. సబ్బు ముక్కుంటే ఇవ్వు."

సబ్బు నురగ చేసి, ఆ గొట్టాలూ రేకులూ కలిసిన కాయిలంతా కుంచెతో పూశాడు. గ్యాసు పోయే చోట బుడగ పొంగుతుంది, అక్కడ అతకాలి. దేవకుమారి దుప్పట్లోంచి తల ఎత్తి చూసింది.

"మావయ్యా, బుడగలు నేనూ ఊదనా?"

"నువ్వు లెగవకు. నేను ఊదిస్తా చూడు."

ఒకచోట పొంగింది. అతికాడు. దాని పక్కన పొంగింది. అదీ అతికాడు. మంట తగిలిన చోటల్లా రాగి పలచబడి ఇంకో చిల్లి పడింది. దేవకుమారి మాత్రం ప్రతి బుడగకీ మురిసింది. గ్యాసు పట్టించి స్విచ్ వేస్తే గది చల్లబడింది. పిల్ల జ్వరం కూడా కొంచెం దిగింది. పొద్దు వాలేసరికి మళ్ళీ వట్టి గాలే.

కాయిలు మార్చాల్సిందే. మద్రాసుకి రాస్తే వచ్చేది ఎప్పటికో. అప్పుడు సీమోనుకి జనార్దనరావుగారు గుర్తొచ్చారు. ఆయన ఇలాంటివి రెండు జతగా కొన్నారు. ఒకటి ఇక్కడికొచ్చింది. రెండోది ఆయన పడకగదిలో ఉంది.

మర్నాడు మొదటి బండికి బయల్దేరుతుంటే దేవకుమారి పిలిచింది.

"చలి మావయ్యా, చలి తెస్తావా?"

"తెస్తా."

"బోలెడు తే. దుప్పటి కప్పుకోవాలి."

కృపారావు ఐసు దిమ్మల కోసం సైకిలెక్కాడు. సీమోను తెనాలిలో బండి మారి రేపల్లె చేరాడు. దారంతా అడిగే మాటలు కూడబలుక్కున్నాడు. అతనికి అడగడం రాదు. మిల్లు ముందు నిలబడి, తువ్వాలు చేతిలో నలుపుతూ, నోటికొచ్చినట్టు చెప్పేశాడు. పెద్దాయనకి ఇలా బతిమాలడం ఎవరి గురించో అర్థం కావడానికి కొంచెం పట్టింది.

"ఆ చెమట పట్టని పిల్లేనా?"

"అవునండి."

"మరి ఇంకా ఇక్కడ నిలబడ్డావేంటయ్యా? పైకెళ్ళి విప్పుకో. కాయిలు కాదు, కావలిస్తే పెట్టెంతా పట్టుకుపో. నేను వరండాలో పడుకుంటా, నా ఒంటికి చెమట బాగానే పడుతుంది."

సీమోను దణ్ణం పెట్టబోతే ఆయన చెయ్యి విదిల్చి లోపలికెళ్ళిపోయాడు. పెట్టెంతా ఒక్కడు మొయ్యలేడు. అందుకని కాయిలు విప్పి, గొట్టాల మూతులు బిగించి, గోనెలో చుట్టి భుజానికెత్తుకున్నాడు. రేపల్లె బండి వేమూరులో ఆగిపోయింది. ఇంజను చెడిందన్నారు. ఆ ఎండలో, ఆ ఇనప డబ్బాలో, సీమోను ఒళ్ళంతా చెమటతో తడిసి ముద్దైపోయాడు. ఒక్క చుక్క ఆ పిల్లకి పట్టి ఉంటే, ఒకే ఒక్క చుక్క, అనుకుంటూ కూర్చున్నాడు.

బాపట్లలో దిగేసరికి దీపాలు పెడుతున్నారు. వీధి మొదట్లోనే చెప్పులు కనబడ్డాయి, గుమ్మం ముందు బోలెడు చెప్పులు. లోపల ఆడవాళ్ళు పాట పాడుతున్నారు. కాయిలు భుజం మీద ఉండగానే సీమోను అరుగు మీద కూలబడ్డాడు.

మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి, ఆ వట్టి గాలి కూడా ఆగిపోయిందట. కృపారావు తెచ్చిన ఐసు కరిగిపోయిందట. గోళెంలో నీళ్ళు సగానికి పైగా ఉన్నాయి. ఇక చల్లడానికి పని లేకపోయింది.

పాదిరిగారు రేపు పదింటికి సమాధి అన్నారు. అప్పటిదాకా పిల్లని ఆ వేడిలో ఉంచాలి. ఎవరూ చెప్పకుండానే సీమోను లేచి, రేపల్లె కాయిలు పెట్టెకి బిగించాడు. అతని చేతులు పని మర్చిపోలేదు. గ్యాసు పట్టించాడు. కరెంటు వచ్చాక స్విచ్ వేశాడు. గది మంచులా అయ్యింది. అన్నమ్మ దుప్పటి తెచ్చి కూతురికి మెడదాకా కప్పింది.

కప్పి, బయటికి వచ్చింది. ఆమె ఇంకా ఏడవలేదు. విప్పిన పాత కాయిలు అరుగు వార గోనె మీద పడుంది.

"అన్నయ్యా. నిన్న నన్ను నీళ్ళ సంగతి అడిగావు. ఎందుకడిగావు?"

"ఊరికే అమ్మా."

"నువ్వు ఊరికే మాట్లాడే మనిషివి కాదు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నా చేతులారా పోసిన ఉప్పు నీళ్ళేనా దాన్ని తిన్నది?"

"పాతది చెల్లెమ్మా. రేపల్లెలోనే అరిగింది."

"తెల్లారాక వెలుగులో ఆ కాయిలు నాకు చూపించు. ఉప్పుంటే నాకు తెలుస్తుంది. అబద్ధం చెప్పకు, బిడ్డ లోపల ఉంది."

ఆమె లోపలికెళ్ళింది. సీమోను కాయిలు వంక చూశాడు. ఆ చీకట్లో కూడా చెక్కు తెల్లగా కనబడుతోంది.

తెల్లవారి, వెలుగు ఇంకా సరిగా రాకముందే, సీమోను కాయిలుని దొడ్లోకి తీసుకెళ్ళాడు. గుడ్డతో తుడిచాడు. ఉప్పు వదల్లేదు. దొడ్లో ఉన్న నీళ్ళు బావివే. వాటితో కడిగితే ఆరగానే మళ్ళీ తెల్లబడుతుంది. ఆ వీధిలో ఆ పూట మంచినీళ్ళు ఉన్నది ఒక్కచోటే. అక్కడ చెంబు ముంచడానికి అతనికి చెయ్యి రాలేదు.

వెనక అడుగుల చప్పుడైంది. పుల్లమ్మ చంకలో బిందెతో వచ్చింది. కాయిలు చూసింది, అతన్ని చూసింది. బిందె కింద పెట్టింది.

"పెద్దమ్మా, ఇవి..."

"దానివే. ఇంకెవరికి దాచను?" అంది ముసలావిడ. "నా కోడలు ఆ పిల్ల కోసం బతికిందిరా అబ్బాయ్. ఇది తెలిస్తే బతకదు. కడుగు. బాగా కడుగు" అని వంగి తనే చెంబు ముంచి పోసింది.

ఆమె పోస్తుంటే సీమోను కుంచెతో రుద్దాడు. రేకు రేకుకీ మధ్య, గొట్టం ప్రతి వంపులో. నీళ్ళు తెల్లగా కారి ఇసకలో ఇంకాయి. బిందె అయిపోతే పుల్లమ్మ ఇంకోటి తెచ్చింది. గోళెం అడుగు గీకిన చప్పుడు అతనికి వినబడింది. ఆఖరికి తెల్ల చెక్కంతా వదిలి రాగి శుభ్రంగా తేలింది. దాన్ని తన తువ్వాలుతో అద్ది, ఎండ పడేచోట పెట్టాడు.

పాదిరిగారు రాకముందే అన్నమ్మ వచ్చింది. కాయిలు ముందు కూర్చుంది. చాలాసేపు చూసింది. వేలితో ఒక రేకు తుడిచి, ఆ వేలు నాలిక మీద పెట్టుకుంది, పొయ్యి మీద కూరలో ఉప్పు చూసినట్టు.

"చప్పగా ఉంది," అంది.

అప్పుడు ఏడ్చింది. పుల్లమ్మ ఆమె తలని ఒళ్ళోకి తీసుకుంది. సీమోను కాయిలుని గోనెలో చుట్టాడు, ఆ ఇంటి గోడ వార కూడా ఉండకూడదని. భుజానికెత్తుకుని వీధి గుమ్మంలో నిలబడి, పిల్లని బయటికి తెచ్చేదాకా కాచుకుని, అందరి వెనకాలా నడిచాడు.