పిచ్చుక పట్టిచ్చిన వాలు

ఆ పిల్లని ఇంట్లో బొంగరం అనేవాళ్ళు. ఒక్కచోట నిలిస్తే కదా! ఇళ్ళు కట్టే ఇంజనీరింగు చదువు ఆఖరి ఏడాదికొచ్చినా ఆ తిరుగుడూ తగ్గలేదు, ఆ పేరూ పోలేదు.

వాళ్ళది రేకుల ఇళ్ళ వీధి. పన్నెండిళ్ళు, ఒకదాని భుజం మీద ఒకటి ఒరిగినట్టుంటాయి. వానొస్తే వాళ్ళమ్మ ముందు పిల్లల్ని కాదు, కుట్టుమిషన్ని తడవని మూలకి లాగేది. "మీరు తడిస్తే తుడుచుకుంటారు, అది తడిస్తే తుప్పు పడుతుంది" అనేది. చిత్రం చూడండి, ఇంట్లో అన్ని చుక్కలు కారే ఆ వీధిలో తాగడానికి మాత్రం నీళ్ళుండవు. వీధి చివర కుళాయి దగ్గర బిందెల వరసే దిక్కు.

అందుకే కాలేజీలో ప్రాజెక్టు చెయ్యమన్నప్పుడు తోటిపిల్లలు వంతెనలూ మేడలూ గీస్తుంటే, బొంగరం తన వీధినే గీసింది. మట్టిలో కాస్త సిమెంటు కలిపి, అచ్చులో నొక్కి, బట్టీలో పెట్టకుండా చేసిన ఇటుకలు. ఎండని వెనక్కి తరిమే తెల్లటి కప్పు. ఆ కప్పుకి కనీకనిపించని వాలు, వాలు చివర గొట్టం, గొట్టం కింద గుమ్మం పక్కనే నేలలో తొట్టి. పడ్డ వాన పడ్డట్టు ఇంటికే దక్కాలి.

ఆ వీధికి కొత్త ఇళ్ళు కట్టించబోతున్న సర్కారు ఇళ్ళ ఆఫీసులో పెద్ద ఇంజనీరు ఆ బొమ్మ చూసి గడ్డం గోక్కున్నాడు. "వీధిలో ఖాళీ స్థలం ఉంది కదా, ఒక్క ఇల్లు కట్టి చూపించండి. నేనే వచ్చి కప్పు మీద నీళ్ళు పోస్తా. గ్లాసెడు నీళ్ళు నిలిచినా సరే, పన్నెండిళ్ళూ మా పాత నమూనాలోనే కట్టేస్తాం" అన్నాడు. పాత నమూనా అంటే అగ్గిపెట్టె. పైన వాలుండదు, కింద తొట్టి ఉండదు.

బొంగరానికి తోడు కాలేజీలో కలిసి చదివే కళ్ళజోడబ్బాయి. పనికి పెద్దదిక్కు వాళ్ళమ్మ తమ్ముడు, తాపీ మామయ్య. ముగ్గురూ కలిసి రెండు నెలల్లో ఇల్లు లేపారు. కప్పు మీద సిమెంటుతో వాలు పోసే రోజున మామయ్యకి వేరేచోట పని పడింది. "మట్టం నేను చూసుకుంటాలే మామయ్యా, చదివిందెందుకు?" అంది పిల్ల. మామయ్య తన నీళ్ళగొట్టం ఇచ్చి వెళ్ళాడు. నీళ్ళు నింపిన సన్నటి పారదర్శకపు గొట్టం అది. రెండు కొసలూ ఇద్దరు పట్టుకుంటే, నీళ్ళు రెండువైపులా ఒకే ఎత్తున నిలుస్తాయి. పిల్లా కళ్ళజోడబ్బాయీ దాన్నిబట్టి గీతలు పెట్టుకుని వాలు పోసేశారు.

ఇంకో తొమ్మిది రోజుల్లో పెద్ద ఇంజనీరు నీళ్ళ పరీక్ష అనగా, బొంగరం కప్పు కడిగి కిందికి దిగింది. టీ తాగి, మామయ్యతో పోట్లాడి, ఓ గంటకి మళ్ళీ పైకెక్కింది. చూస్తే వెనక మూలన ఓ పిచ్చుక. రెక్కలు టపటపలాడిస్తూ హాయిగా స్నానం చేస్తోంది!

పిల్ల పరుగున వెళ్ళి వేలు ముంచి చూసింది. పిచ్చుక మునిగేటన్ని నీళ్ళు అక్కడెలా నిలిచాయి?

కళ్ళజోడు కూడా వచ్చి చూశాడు. "అరచెయ్యంత గుంటేగా. పరీక్ష రోజు పెద్ద ఇంజనీరుని ఈ మూలకి రానివ్వకుండా మాటల్లో పెడదాం" అన్నాడు.

"దీని కింద ఏ గదో తెలుసా? వంటగది. పన్నెండు వంటగదులు. ఎంతమందిని మాటల్లో పెడతావురా?" అంది బొంగరం.

మామయ్య పైకొచ్చి గుంటని చూశాడు, పిల్లని చూశాడు, తాపీగా అడిగాడు. "ఏమే ఇంజనీరమ్మా, గొట్టంలో బుడగ చూసుకున్నావా?"

"బుడగేంటి?"

"అయ్యో రాత! గొట్టంలో గాలిబుడగ ఇరుక్కుంటే నీళ్ళు అబద్ధం చెప్తాయే. నింపాక తట్టి తట్టి బుడగంతా పోయాకే మట్టం చూడాలి. మీ పుస్తకంలో లేదా?"

ఉందో లేదో గాని, బొంగరం గొట్టం నింపేసి పరుగెత్తిందే తప్ప ఒక్కసారీ తట్టలేదు. ముఖం చిన్నబుచ్చుకుంది. ఆ ముఖంతోనే సుత్తీ ఉలీ తీసుకుని వెనక మూల కూర్చుంది. తను చేసిన పనిని తనే పగలగొట్టుకోవడం ఎంత కష్టమో ఆ పిల్లనడగండి. సాయంత్రానికి అరిచేతులు బొబ్బలెక్కాయి. మర్నాడు గొట్టాన్ని తట్టి, వేళ్ళతో నొక్కి, ఒక్క బుడగ లేకుండా చూసి కొత్త వాలు పోసింది. వారం రోజులు తడిగోనెలు కప్పి, పసిపిల్లకి పట్టినట్టు పూటపూటకీ నీళ్ళు పట్టింది.

ఆ రోజు రానే వచ్చింది. వీధి వీధంతా కింద నిలబడింది. వాళ్ళమ్మ తొట్టి మూత దగ్గర చెవి పెట్టి కూర్చుంది. పెద్ద ఇంజనీరు కప్పంతా తిరిగి వెనక మూల దగ్గర ఆగాడు.

"ఇక్కడ రంగు తేడాగా ఉందేంటి?"

కళ్ళజోడు కళ్ళు మూసుకున్నాడు. బొంగరం ఆ మూలకే వెళ్ళి నిలబడింది.

"అక్కడ నేను తప్పు చేశానండీ. నీళ్ళు నిలిచాయి. పగలగొట్టి మళ్ళీ పోశాం."

ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. నిండు బకెట్టు ఎత్తి సరిగ్గా ఆ మూలనే గుమ్మరించాడు. నీళ్ళు ఓ క్షణం తటపటాయించాయి. తర్వాత మెల్లగా కదిలి, జారి, పరుగందుకుని గొట్టంలోకి దూకాయి.

"పడుతున్నాయే! పడుతున్నాయి!" కిందనుంచి వాళ్ళమ్మ కేక.

ఆయన ఇంకో బకెట్టు పోశాడు. ఇంకోటి. మూడో దానికి వంగి వేళ్ళతో ఆ మూల తడిమి, చెయ్యి చూసుకున్నాడు. చెమ్మ తప్ప నీళ్ళు లేవు.

"తప్పు కనిపెట్టిందెవరు?"

"పిచ్చుకండీ" అంది బొంగరం.

ఆయన నవ్వాపుకోలేక కాగితం మీద సంతకం పెట్టాడు. "పన్నెండూ ఇలాగే కట్టండి."

వీధిలో లేచిన కేకలకి ఆయన టోపీ ఎగిరినంత పనైంది! వాళ్ళమ్మ పైకి పరుగెత్తుకొచ్చి, కూతుర్ని పట్టుకుని ఏడుస్తూ నవ్వుతూ, "ఇక నా మిషన్ని లాగక్కర్లేదే" అంది. నోట మెచ్చుకోలన్నది రాని తాపీ మామయ్య నీళ్ళగొట్టం చుట్ట చుట్టి మేనకోడలి మెళ్ళో వేశాడు.

"ఇంకా పన్నెండు కప్పులున్నాయి, బుడగ చూసుకో."

అందరూ దిగిపోయాక పిచ్చుక వచ్చింది. మూలంతా వెతికింది. పొడిగా ఉంది. కోపంగా కిచకిచలాడింది. బొంగరం నవ్వుకుంటూ మళ్ళీ పైకెక్కి, దానికోసం మట్టిమూకుడులో నీళ్ళు పోసి పెట్టింది.