ఎవరికీ కేటాయించని కుర్చీ

మాస్టారు నిజానికి మాస్టారు కాదు, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. పని ఆలస్యమైందని ఎవరైనా నీళ్ళు నములుతూ వస్తే, వాళ్ళని కసురుకోకుండా తెల్లబోర్డు దగ్గరికి తీసుకెళ్ళి, మార్కర్ చేతికిచ్చి, "ఎక్కడ చిక్కుపడిందో గీసి చూపించు" అంటారు. అందుకని టీములో ఆ పేరు స్థిరపడింది. ఆ మార్కర్లలో సగం ఎండిపోయినవే. గీత పడక, ఏం గీయాలో తెలియక, చివరికి అవతలివాళ్ళు నవ్వేసేవాళ్ళు. నవ్వాక అసలు సంగతి చెప్పడం తేలికయ్యేది.

ఈసారి బోర్డు ముందు నిలబడ్డది టెస్టింగు చూసే మనిషి. ఆఫీసులో అందరూ అతన్ని 'అనుమానం' అంటారు. లిఫ్టు ఎక్కితే తలుపు మూసుకున్నాక కూడా ఓసారి తోసి చూసే రకం.

"గీయక్కర్లేదు సార్, నోటితోనే చెప్తా. మధ్యాహ్నం షిఫ్టులో ఒక కుర్చీ తేడా వస్తోంది."

వాళ్ళు చేస్తున్నది కిడ్నీలు పాడైనవాళ్ళకి రక్తశుద్ధి చేసే కేంద్రానికి కొత్త సాఫ్ట్‌వేర్. ఏ రోగి ఏ రోజు, ఏ షిఫ్టులో, ఏ యంత్రం పక్క కుర్చీలో కూర్చోవాలో అది నిర్ణయిస్తుంది. పాత సాఫ్ట్‌వేర్ చాలా ఏళ్ళుగా ఆ పని చేస్తూనే ఉంది గానీ, అది నడిచే కంప్యూటర్లకి విడిభాగాలు దొరకడం మానేశాయి. కొత్తది మొదలుపెట్టేముందు పాతదాన్నీ దీన్నీ పక్కపక్కన నడిపి, రెండిటి జవాబులూ పోల్చి చూడాలని మాస్టారు పట్టుబట్టారు. డైరెక్టరు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

"మనది పన్నెండు కుర్చీలూ నింపుతోంది సార్. పాతది పొద్దున పన్నెండూ నింపి, మధ్యాహ్నం మాత్రం పదకొండే నింపుతోంది. ఆఖరిది ఎవరికీ ఇవ్వదు. కేంద్రం మొదలైనప్పట్నుంచీ ఇంతే."

"ఎందుకని?"

అనుమానం ఎండిన మార్కర్ మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"పాత ప్రోగ్రాము తెరిచి చూశాను. మధ్యాహ్నం లెక్క ఒకటి ముందే ఆగిపోతోంది సార్. మన వృత్తిలో అందరం చేసే తప్పే. లెక్క ఎక్కడ మొదలుపెట్టామో, ఎక్కడ ఆపామో చూసుకోకపోతే చివరిది జారిపోతుంది. నేనూ చాలాసార్లు చేశాను." కాస్త ఆగి, "మేడమ్ కావాలని చేశారేమో కూడా. చెప్పలేం. పక్కన ఒక్క ముక్క వివరణ రాయలేదు," అన్నాడు.

ఆ మేడమ్ మాస్టారి భార్య. పాత సాఫ్ట్‌వేర్ మొత్తం ఒంటిచేత్తో రాసింది ఆవిడే. పోయి రెండేళ్ళు దాటింది.

వివరణలు రాయడం ఆవిడకి గిట్టేది కాదు. 'చదివేవాళ్ళకి బుర్ర ఉంటుంది కదండీ' అనేది. ఇప్పుడు ఆ బుర్ర ఉన్నవాళ్ళు ఇద్దరూ బోర్డు ముందు నోళ్ళు వెళ్ళబెట్టుకుని నిలబడ్డారు.

"మరి సెంటర్లో అడిగి చూద్దాం," అన్నారు మాస్టారు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళారు. పొడవాటి హాలు. రెండు వరసల్లో వాలు కుర్చీలు, ఒక్కోదాని పక్కన ఒక యంత్రం. కిటికీ వైపు వాళ్ళు కళ్ళమీద తువ్వాళ్ళు కప్పుకున్నారు. గోడ వైపు వాళ్ళు పైకప్పుకేసి చూస్తున్నారు. మందుల వాసన, దాని అడుగున ఎవరో తెచ్చుకున్న బత్తాయి తొక్కల వాసన. చివరి కుర్చీలో ఒకావిడ దుప్పటి మెడదాకా లాక్కుని నిద్రపోతోంది.

"ఇది ఖాళీగా ఉండాలే?" అన్నాడు అనుమానం.

హెడ్‌నర్సు నవ్వింది. ఆ హాల్లో అందరికీ ఆవిడ సిస్టరమ్మ. "ఖాళీగా ఎక్కడుంటుంది నాయనా? కంప్యూటరు దాన్ని మర్చిపోతుంది గానీ మేం మర్చిపోం. ఈవిడ ఎక్కాల్సిన బస్సు చెడిపోయిందట, పొద్దున టైముకి రాలేకపోయింది. మొన్న మూడో యంత్రం మొరాయిస్తే అక్కడున్నాయన్ని ఇక్కడికి మార్చాం. రోజూ ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది."

"ఇలా ఎవరు చేశారో తెలుసా సిస్టర్?" మాస్టారి గొంతు ఆయనకే కొత్తగా వినపడింది.

"ఎవరు చెయ్యడం ఏంటి సార్? కంప్యూటరులో తప్పుందనే మేమంతా అనుకుంటున్నాం. చెప్తే మీవాళ్ళు వచ్చి బాగు చేసేస్తారని ఎవ్వరం నోరు విప్పలేదు." అనేసి నాలిక్కరుచుకుంది. "అయ్యో, మీరే కదూ ఆ మీవాళ్ళు!"

అనుమానం కిసుక్కున నవ్వాడు. మాస్టారు నవ్వలేకపోయారు. తన భార్య ఇదంతా ఆలోచించే ఆ కుర్చీని వదిలేసిందని సిస్టరమ్మ నోటినుంచి వినాలని ఆశపడ్డారు. ఆ మాట రాలేదు. ఇక చెప్పగలిగినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

ఆ సాయంత్రం కాఫీ ముందు పెట్టుకుని ఈ సంగతంతా కూతురికి చెప్పారు. ఆ అమ్మాయి కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఇద్దరే ఉండే ఇల్లు కావడంతో మాటలు ఎక్కువ లేకపోయినా ఎవరి కప్పు వాళ్ళు కడిగేసుకోవడం మాత్రం ఇద్దరికీ అలవాటైంది.

"అయితే ఏం చేస్తారు నాన్నా?"

"ఆ కుర్చీ అలాగే ఉంచాలంటాను. ఎల్లుండి మీటింగులో ఒక్కొక్కర్నీ అడుగుతారు, మొదలుపెడదామా వద్దా అని. అది సరిచేసేదాకా వద్దంటాను."

"అమ్మ రాసింది కాబట్టి కాదు కదా?"

కాఫీ చల్లారింది. మాస్టారు కప్పు అంచుమీద వేలు తిప్పారు.

"పైకి అనకపోయినా అక్కడ అందరూ అనుకునేది ఇదే," అంది అమ్మాయి మెత్తగా. "అమ్మకి తప్పు అంటగట్టరు మీరు, నాకు తెలుసు. బజార్లో ఆవిడ చిల్లర తప్పు లెక్కపెడితే కొట్టువాడిదే తప్పన్నారు."

"వాడు గొణుగుతూ లెక్కపెట్టాడే, అందుకే తనకి తప్పొచ్చింది."

"చూశారా!"

ఇద్దరూ నవ్వారు. నవ్వయ్యాక ఇల్లు ఇంకాస్త ఖాళీగా వినపడింది.

మీటింగు గదిలో ఏసీ ఎప్పుడూ అవసరానికి మించి చల్లగా ఉంటుంది. బల్లకి ఒక కొసన డైరెక్టరు, అతని పక్కన కేంద్రం తరఫున వచ్చిన నిర్వాహకుడు. చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్న మనిషి, మాట కూడా అంత పొందికగానే ఉంటుంది.

"మీ కొత్త సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే," అన్నాడతను. "ఇన్నేళ్ళూ ఒక యంత్రాన్ని పూట పూటంతా పడుకోబెట్టాం. బయట మా వెయిటింగు లిస్టులో ఎంతమంది ఉన్నారో తెలుసా మీకు? ఆ కుర్చీ ఇస్తే వాళ్ళలో కొంతమంది బతుకుతారు."

అది అబద్ధం కాదు. దురాశతో అడిగేవాడైతే కుండబద్దలు కొట్టినట్టు కాదనొచ్చు.

డైరెక్టరు వరసగా అడుగుతూ వచ్చాడు. నెట్‌వర్కు మనిషి సరేనన్నాడు. శిక్షణ చూసే ఆవిడ సరేనంది. అనుమానం బల్లకేసి చూస్తూ, "టెస్టుల ప్రకారం సరే. కానీ మాస్టారు ఏమంటే అది," అన్నాడు.

"నేను వద్దంటున్నాను," అన్నారు మాస్టారు.

డైరెక్టరు కళ్ళజోడు తీశాడు. "మాస్టారూ, మనిద్దరిదీ ఈనాటి పరిచయం కాదు. మేడమ్ అంటే నాకూ గౌరవమే. ఆవిడ ఏదో ఆలోచించే చేసి ఉంటారని మీరంటే, నేను కాదనను."

అది చెయ్యి అందించడమే. ఆ చెయ్యి పట్టుకుంటే చాలు, ఆవిడ గొప్పదవుతుంది, గదిలో ఎవరూ ఎదురుచెప్పరు. మాస్టారు ఆ చెయ్యి పట్టుకోలేదు.

"ఆవిడ పొరబడింది అనే నా ఉద్దేశం," అన్నారు. "ఒక లెక్క తక్కువ వేసింది. నేనూ వేస్తాను, ఇక్కడ కోడ్ రాసిన ప్రతివాళ్ళూ వేసే ఉంటారు. కానీ ఆ పొరపాటు మీదే ఆ హాలు ఇన్నేళ్ళు నడిచింది. బస్సు చెడిపోయినవాళ్ళు అక్కడే కూర్చున్నారు, యంత్రం ఆగిపోయినవాళ్ళు అక్కడే కూర్చున్నారు. మన ప్రాజెక్టుల్లో మనం కాస్త వెసులుబాటు పెట్టుకోమా? ఎవరో జ్వరపడతారని, ఏదో పగిలిపోతుందని? మన పనికి పెట్టుకున్న వెసులుబాటు వాళ్ళ ప్రాణానికి పెట్టొద్దంటే ఎలా?"

ఆవిడ పొరబడింది అన్న మాట నోట్లోంచి వచ్చాక మాస్టారు ముందున్న కాగితాలు సర్దుకోసాగారు. బల్ల కింద అనుమానం తన మంచినీళ్ళ సీసా ఆయన మోకాలి దాకా జరిపాడు. మాస్టారు రెండు గుక్కలు తాగారు.

చివరికి దారి చూపింది డైరెక్టరే, ఆ వృత్తిలో అందరూ చూపించే దారి. "ఇందులో తగువెందుకు? సెట్టింగు పెట్టేద్దాం. మధ్యాహ్నం ఎన్ని కుర్చీలు ఖాళీ ఉంచాలో సెంటరువాళ్ళే నింపుకునే గడి ఒకటి. మొదట ఒకటి అని పెట్టి ఇస్తాం. మాస్టారి మాటా నెగ్గుతుంది, వీళ్ళ స్వేచ్ఛా పోదు."

నిర్వాహకుడు తలూపాడు. అందరి భుజాలూ దిగాయి. రెండు పక్షాలకీ నచ్చజెప్పలేని ప్రతిచోటా ఒక గడి పెట్టేసి చేతులు దులుపుకోవడం ఎంత హాయైన పనో మాస్టారికి తెలియనిది కాదు. తను నడిపిన ప్రాజెక్టులన్నిటిలోనూ అలాంటి గడులున్నాయి.

"సరే," అన్నారు.

కొత్త సాఫ్ట్‌వేర్ అనుకున్న రోజునే మొదలైంది. పాత కంప్యూటరుని ఆపడానికి మాస్టారే వెళ్ళారు. మీట నొక్కితే ఫ్యాను చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. అది ఎవరు రాసిందో అక్కడున్న టెక్నీషియన్‌కి తెలుసు కాబోలు, ఏదో తెచ్చుకునే పనున్నట్టు బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. ఆ కాసేపు ఆయన్ని ఒంటరిగా వదిలేశాడు.

వానలు మొదలయ్యాక ప్రింటరు ఏదో గొడవ చేస్తోందని కబురొచ్చింది. ఎవర్ని పంపినా జరిగే పనే గానీ మాస్టారు తనే వెళ్ళారు. హాల్లో పన్నెండు కుర్చీలూ నిండి ఉన్నాయి. ఆఖరిదాంట్లో ఒక కుర్రావిడ, ఒళ్ళో పుస్తకం తెరుచుకుని ఉంది గానీ పేజీ తిప్పడం లేదు. ఇవాళ ఎవరికి ఆలస్యమైందో అనుకుంటూ ఆయన సిస్టరమ్మకేసి చూశారు.

"ఆ అమ్మాయిది అదే చోటు సార్," అంది ఆవిడ చూపులు తప్పించి. "పోయిన వారం నుంచీ."

మాస్టారు కంప్యూటరు ముందు కూర్చుని, ప్రింటరు సంగతి చక్కబెట్టి, ఖాళీ కుర్చీల సెట్టింగు ఉన్న పేజీ తెరిచారు. గడిలో సున్నా ఉంది.

నిర్వాహకుడు తన గదిలోనే ఉన్నాడు. దాచే ప్రయత్నమేమీ చేయలేదు. "మీరే ఇచ్చారుగా ఆ సౌకర్యం," అన్నాడు. "ఆ కుర్చీలో అమ్మాయిని చూశారా? ఇద్దరు చంటిపిల్లల తల్లి. ఆరు నెలలు లిస్టులో ఉంది. ఆమెకి చోటు లేదని మీరు చెప్పగలరా?"

మాస్టారు ప్రింటరు బాగైందని మాత్రం చెప్పి బయటికొచ్చారు.

వరండా బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పంట్లాం మోకాళ్ళదాకా తడిసి, పాదాలు చెప్పుల్లో పట్టనంతగా ఉబ్బి ఉన్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా భుజాలు పైకి లేస్తున్నాయి. రోడ్డు మీద నీళ్ళు నిలిచి, ఆయనెక్కిన బస్సు సగం దారిలో ఆగిపోయిందట. తన వంతు దాటిపోయింది. మధ్యాహ్నం షిఫ్టు అయ్యాక ఎవరైనా ఒక మనిషి ఉండి యంత్రం కడిగి మళ్ళీ తగిలిస్తే తప్ప ఇవాళ్టికి దారి లేదు. సిస్టరమ్మ ఇంట్లో చెప్పి, డ్యూటీ అయ్యాక కూడా ఉండిపోతానంది. డాక్టరు ఒప్పుకోవాలి, ఇంకా ఫోనులో దొరకలేదు.

"నువ్వూ పేషెంటువేనా బాబూ?" ముసలాయన అడిగాడు.

"కాదండీ. కంప్యూటర్లు చూసేవాణ్ణి."

"అయితే నీకు తెలుస్తుంది. ఇంకా ఎంతసేపు పడుతుందంటావు?"

ఏ పనికి ఎంతసేపు పడుతుందో చెప్పడమే మాస్టారు జీవితమంతా చేసిన ఉద్యోగం. తెలియని వాటికి కూడా తెలిసినట్టు తేదీలు వేసి చెప్పేవారు.

"తెలీదండీ," అన్నారు. "లోపల కనుక్కుంటూ ఉంటాను. తేలేదాకా ఇక్కడే ఉంటాలెండి."

బెంచీ మీద తడి లేనంత మేర ముసలాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. మాస్టారు సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వాన ఇంకా పడుతోంది. గాజు తలుపు అవతల సిస్టరమ్మ ఫోను చెవికి ఆనించుకుని, ఇటు చూసి, కాసేపు ఆగమన్నట్టు చెయ్యెత్తింది.