కింద మాట, పైన బాణీ

మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఆవిడ ఆ మెట్లు ఆరుసార్లు ఎక్కింది, ఆరుసార్లు దిగింది. మొత్తం పదహారు మెట్లు. ఎడమ మోకాలు వాచి గుమ్మడికాయంత అయింది. "ఆరు వారాలు మెట్ల జోలికి పోకండి" అని డాక్టరు మొన్ననే చెప్పాడు. ఆ మాట పై వాటాలో ఉన్న మొగుడికి చెబితే, "అయితే మెల్లగా ఎక్కు" అన్నాడు. కింది వాటాలో ఉన్న తమ్ముడికి చెబితే, "అయితే మెల్లగా దిగక్కా" అన్నాడు. ఆ ఇద్దరికీ ఒక విషయంలో అభిప్రాయం కలవడం పద్దెనిమిదేళ్ళలో అదే మొదటిసారి.

ఆయన బాణీలు కడతాడు. తమ్ముడు పాటలు రాస్తాడు. నాటకాలవాళ్ళూ సినిమావాళ్ళూ ఇద్దరి పేర్లూ కలిపి ఒకే మనిషి పేరులా పలుకుతారు. రేడియో పెడితే వాళ్ళ పాట, పెళ్ళికెళితే వాళ్ళ పాట, ఆఖరికి పంటి డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నా వాళ్ళ పాటే. అంత గొప్ప జంటకి పద్దెనిమిదేళ్ళుగా మాటల్లేవు. ఫోన్లో మాట్లాడటమూ మాట్లాడటమే, చీటీ రాసుకోవడమూ మాట్లాడటమే అని ఇద్దరి పంతం. అందుకని ఆయన బాణీని లాలాలాలతో పాడి ఫోన్లో రికార్డు చేసి పెడితే ఆ ఫోను పట్టుకుని ఆవిడ దిగాలి. తమ్ముడు రాసిన కాగితం పట్టుకుని ఆవిడ ఎక్కాలి. నాటకాలవాళ్ళు చాటుగా ఆవిడని తపాలావిడ అంటారు. ఆవిడకి తెలుసు. తపాలావాళ్ళకైతే ఆదివారం సెలవుంటుంది.

ఇంతకీ గొడవేమిటంటే, దర్జీ కొట్టు నాటకం మొదటి ప్రదర్శనలో, జనం దగ్గుతున్నారని ఆయన వాద్యాలవాళ్ళకి చెయ్యి ఊపి పాటలో ఆఖరి చరణం ఎగరగొట్టేశాడు. మూడో వరసలో కూర్చున్న తమ్ముడు ఆ చరణం కోసం పెదవులు కదుపుతూ సిద్ధంగా ఉన్నాడు. తెర పడకముందే లేచి వెళ్ళిపోయాడు. నాలుగే నాలుగు పాదాలు! ఆ తర్వాత ఇద్దరూ వేరేవాళ్ళతో చేసి చూశారు. ఆయన బాణీలకి వేరేవాళ్ళ మాటలు అద్దె బట్టల్లా వేలాడాయి. తమ్ముడి మాటలకి వేరేవాళ్ళ బాణీలు ఎక్కడికక్కడ పిగిలిపోయాయి. చేతులు కాల్చుకుని, మళ్ళీ కలిశారు. కలిశారంటే, మధ్యలో ఆవిడని నిలబెట్టుకుని కలిశారు.

ఇప్పుడు ఆ దర్జీ కొట్టు నాటకాన్నే మళ్ళీ ఆడుతున్నారు. ఒక కొత్త పాట కావాలి. దర్జీ ఆవిడ కొట్టు మూసేస్తూ, కుట్టించుకుని ఎవరూ తీసుకెళ్ళని బట్టలన్నీ మడతపెడుతుంది. అప్పుడు పాడాలి. దర్శకురాలు పదిహేను రోజులు గడువిచ్చింది. ఆ పదిహేను రోజులూ ఈ ఇద్దరు మహానుభావులూ ఒకరి తప్పులు ఒకరు ఏరుతూ గడిపేశారు.

"చెప్పక్కా ఆయనకి" అన్నాడు తమ్ముడు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని. "రెండో చరణంలో గాలి పీల్చుకోవడానికి సందు లేదని చెప్పు. దర్జీ పాట కట్టమంటే కవాతు పాట కట్టాడు. చెవులుంటే తను పాడింది తననే ఒకసారి వినమను."

ఆవిడ ఎక్కింది. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగింది. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. మోకాలి నొప్పి ఇప్పుడొచ్చింది గానీ, ఆగడం పాత అలవాటే. కింద విన్న మాట పైకి చేరేలోపు మార్చుకోవడానికి ఆ కాస్త వ్యవధి కావాలి.

"తమ్ముడికి బాణీ తెగ నచ్చిందండీ" అంది పైకెళ్ళి. "ఎత్తుగడతోనే బావ గుండె పట్టేశాడన్నాడు. రెండో చరణంలో ఊపిరికి కాస్త చోటిస్తే ఇక తిరుగుండదట."

ఆయన హార్మోనియం మీంచి తలెత్తలేదు గానీ మీసం కింద చిన్న నవ్వు కదిలింది. "వాడికి ఇప్పటికి తెలిసిందన్నమాట. ఊపిరికి చోటు నేనివ్వడం కాదు, వాడు రాళ్ళ బస్తా దింపితే చోటు అదే వస్తుంది. అవి మాటలా? పాడేవాళ్ళకి పళ్ళూడతాయి. చెప్పు వాడికి."

ఆవిడ దిగింది. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగింది. "నీ పల్లవి చదివి బావ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడురా" అంది కిందకెళ్ళి. "రెండో చరణంలో ఒక్క మాట తేలిక చేస్తే చాలన్నాడు."

"కిటికీలోంచి చూశాడా?" అన్నాడు తమ్ముడు.

"ఆఁ. చాలాసేపు."

తమ్ముడు పెన్సిలు చెవి వెనకనుంచి తీశాడు. అలా ఉంటుంది వ్యవహారం. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ మార్చి చెప్పిన మాటలు పుస్తకంగా వేస్తే ఆ ఇద్దరి పాటల పుస్తకం కన్నా లావుగా ఉంటుంది.

ఒంటిగంటకి దర్శకురాలు ఫోన్ చేసింది. "నాలుగింటికల్లా పాట నా చేతిలో ఉండాలమ్మా. లేకపోతే ఆ రంగమే తీసేస్తాను. దర్జీ కొట్టుకి తాళం వేసి వెళ్ళిపోతుంది, అంతే" అంది. ఆ పిల్ల అన్నంత పనీ చేసే రకం.

ఈ పాట పోతే ఇక ఈ మనిషితో పని చెయ్యనని పైనాయన పదిసార్లు అన్నాడు. కిందివాడు పదకొండుసార్లు అన్నాడు. వీటిని మార్చి చెప్పడం ఆవిడ వల్ల కాలేదు, కాబట్టి అసలు చెప్పలేదు. పాటలంటూ లేకపోతే ఈ ఇంట్లో పైన ఒక తలుపు, కింద ఒక తలుపు, రెండూ మూసుకుని ఉంటాయి. మొగుడూ తమ్ముడూ చచ్చేదాకా ఒకరికొకరు లేనట్టే. ఈ మెట్లని తిట్టుకుంటుంది గానీ, ఈ మెట్ల మీద తిరగడం ఆగిపోయిన రోజు తనేమైపోతుందో తలుచుకుంటే ఆవిడకి భయం.

రెండున్నరకి మళ్ళీ కాగితం పట్టుకుని ఎక్కుతుంటే, ఆ తొమ్మిదో మెట్టు మీదే మోకాలు కలుక్కుమంది. ఆవిడ కూలబడిపోయింది. "అమ్మా" అని గట్టిగానే అంది.

పై తలుపు తెరుచుకుంది. కింది తలుపూ తెరుచుకుంది. ఆయన పై మెట్టు మీద, తమ్ముడు కింది మెట్టు మీద.

"ఏమైంది?" అన్నాడు ఆయన.

"ఏమైందక్కా?" అన్నాడు తమ్ముడు.

"కాలు మడతపడింది. నేనిక లేవలేను."

ఎవరో ఒకరు వచ్చి చెయ్యి అందిస్తారనుకుంది పాపం.

"సరే, లేవకు. కూర్చునే చెప్పు" అన్నాడు ఆయన. "రాళ్ళు ఇంకా దిగలేదని చెప్పు వాడికి."

"కూర్చునే చెప్పక్కా" అన్నాడు తమ్ముడు గోడవైపు చూస్తూ. "కవాతు ఇంకా ఆగలేదని చెప్పు ఆయనకి."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎనిమిది మెట్ల అవతల ఒకడు, ఏడు మెట్ల అవతల ఒకడు. దగ్గితే వినపడే దూరం. ఇద్దరికీ చెవులున్నాయి, నోళ్ళున్నాయి, వెధవ మోకాళ్ళు కూడా బాగానే ఉన్నాయి. కాళ్ళు విరిగి మధ్యలో కూర్చున్నది తను.

"చెబుతాను" అంది. "ఉన్నదున్నట్టు చెబుతాను, వినండి. ఏవండీ, మీ బాణీ కవాతులా ఉందట. చెవులుంటే మీరు పాడింది మిమ్మల్నే వినమన్నాడు. ఒరేయ్, నీ మాటలు రాళ్ళ బస్తాట. పాడితే పళ్ళూడతాయట. పోయినేడు సినిమా పాటకి నువ్వు రాసింది మందు సీసా మీద చీటీలా ఉందన్నారు ఈయన. దానికి ఆయన కట్టింది విని, పక్కింటివాళ్ళ గిన్నెల చప్పుడు నయమని నువ్వన్నావు. ఇంకా కావాలా? నా దగ్గర పద్దెనిమిదేళ్ళవి ఉన్నాయి."

ఆయన నాలుగు మెట్లు దిగాడు. "గిన్నెల చప్పుడా?" అన్నాడు, నేరుగా తమ్ముణ్ణే చూసి. "ఆ పాటకేగా మీ అమ్మ జోలపాట గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయన్నావు?"

"నేనా? నా జన్మలో అనలేదు!" తమ్ముడు మూడు మెట్లెక్కాడు. "మందు సీసా మీద చీటీయా? దాన్నేగా నువ్వు మడిచి జేబులో పెట్టుకు తిరిగానన్నావు?"

"నేనెందుకు పెట్టుకుంటాను? నాకేం పని?"

"పొద్దున కిటికీలోంచి చూడలేదూ?"

"కిటికీకి తెరలు! అది తెరిచి ఏడాదైంది!"

అప్పుడు ఇద్దరూ ఆగారు. మెల్లగా ఇద్దరి తలలూ ఆవిడవైపు తిరిగాయి.

ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సిగ్గేసింది. సిగ్గెందుకేయాలని వెంటనే కోపమూ వచ్చింది.

"ఒక్కసారైనా..." అన్నాడు ఆయన. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. "వీడు ఒక్కసారైనా బాగుందనలేదా?"

"ఒక్కసారీ అనలేదు."

"బావ?" అన్నాడు తమ్ముడు.

"ఆయనా అనలేదు. ఇద్దరూ ఇద్దరే."

"మరి అవన్నీ?"

"అవన్నీ నావి" అంది ఆవిడ. "జోలపాట గుర్తొచ్చింది నాకు. కాగితం జేబులో, అదే, ఈ కొంగున ముడేసుకు తిరిగింది నేను. మీ బాణీలు విన్న మొదటి మనిషినీ, వాడి మాటలు చదివిన మొదటి మనిషినీ నేను. ఈ మెట్టు మీద నిలబడి ఎన్నిసార్లు ఏడ్చానో మీకేం తెలుసు? నాకు నచ్చిందని చెబితే మీ ఇద్దరికీ ఆనుతుందా? నీ మొహం, నీకేం తెలుసంటారు. అందుకని నా మాట మీ పేర్లు పెట్టి చేరవేశాను."

ఆయన మొహం చూస్తే ఆవిడకి జాలేసింది. పద్దెనిమిదేళ్ళుగా బావమరిది మెప్పు కోసం బాణీలు కట్టిన మనిషి. అటు తమ్ముడూ అంతే. ఇద్దరూ ఒకరి మెప్పు కోసం ఒకరు అరిగిపోయారు. ఆ మెప్పు మాత్రం రోజూ రెండుపూటలా కంచాల్లో అన్నం పెట్టే మనిషి దగ్గర పుట్టింది. జాలితో పాటు ఇంకోటి కూడా ఆవిడకి ఇప్పుడే తట్టింది. తను తీపి పూసి అందించబట్టే కదా, వీళ్ళకి తగువు తీర్చుకోవాల్సిన అవసరం ఇన్నేళ్ళూ రాలేదు! ఆ తట్టడం ఆవిడకి మోకాలి కన్నా ఎక్కువ నొప్పెట్టింది.

"సరే, మూడవుతోంది" అంది. "నేనిక మధ్యలో మాట చెప్పను. కొట్టుకుంటారో, పాట చేస్తారో మీ ఇష్టం."

కొట్టుకున్నంత పనీ చేశారు. ఆయన ఆవిడ పై మెట్టు మీద, తమ్ముడు కింది మెట్టు మీద కూర్చుని, ఆవిడ తల మీదుగా అరుచుకున్నారు. ఎగరగొట్టిన చరణం దగ్గర మొదలుపెట్టి పదినిమిషాలు తిట్టుకున్నారు. తర్వాత ఎవడు ముందు మొదలుపెట్టాడో గానీ తిట్లు పాటలోకి దిగాయి. "ఆ మాట తీసెయ్యి." "తీస్తే నువ్వు ఆ సాగదీత ఆపుతావా?" "ఆపుతాను, తీసి చూడు." ఆయన మెట్ల కమ్మీ మీద వేళ్ళతో దరువేశాడు. తమ్ముడు కాగితం తొడ మీద పెట్టుకుని కొట్టేశాడు, రాశాడు, కొట్టేశాడు. మెట్లెక్కి దిగుతూ వారం పట్టే పని అరగంటలో అయింది. ఆవిడకి సంతోషమేసింది. నవ్వూ వచ్చింది, వాళ్ళిద్దరికీ చెరొకటి అంటించాలనీ అనిపించింది.

మూడూ నలభైకి ఇద్దరూ కలిసి పాడారు. ఆయనది బొంగురు గొంతు, తమ్ముడికి శ్రుతి అంటే పడదు.

కొలతలిచ్చి వెళ్ళినవాళ్ళు
కుట్టినది అడగలేదు
చేతులెంత పెరిగాయో
చెప్పిపోనైనా లేదు

ఆ పల్లవికి ఆవిడ ఒళ్ళు జలదరించింది. మొదటి చరణం అయింది, రెండోదీ అయింది. రెండో చరణంలో దర్జీ ఆవిడ బట్టలు గుండెకి హత్తుకుని కన్నీళ్ళతో గుండీలు తడుపుతుంది.

పాట ముగించి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. ఆవిడని చూశారు.

"ఎలా ఉంది?" అన్నాడు ఆయన. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ ప్రశ్న కూరల గురించి ఆవిడ అడగడమే గానీ, పాట గురించి ఆయన అడగడం లేదు.

"పల్లవి బాగుంది. మొదటి చరణమూ బాగుంది" అంది ఆవిడ. "రెండోది బాలేదు."

"నీకేం తెలు..." అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఒకేసారి నోళ్ళు మూసుకున్నారు కూడా.

"ఏం బాలేదక్కా?" అన్నాడు తమ్ముడు చిన్న గొంతుతో.

"ఆవిడెందుకేడుస్తుందిరా? అన్నేళ్ళు ఎవడెవడికో కుట్టి, మడిచి, పురుగు పట్టకుండా ఎండబెట్టి, మళ్ళీ మడిచిన మనిషి. ఏడవదు. విసుక్కుంటుంది."

తమ్ముడు కళ్ళజోడు దించి తుడుచుకున్నాడు. రెండో చరణం మీద నిలువునా ఒక గీత కొట్టి, కాగితం తిరగేసి, పెన్సిలు పట్టుకున్నాడు.

"విసుక్కుంటే ఏమంటుందక్కా?"

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆటపట్టించడం లేదు. ఇద్దరూ నిజంగానే వినడానికి కూర్చున్నారు. ఆవిడ కాలు చాపుకుని, గోడకి ఆనుకుని, చెప్పడం మొదలుపెట్టింది.

నాలుగింటికి ఫోన్ మోగింది. ఆయన ఎత్తి, "ఇంకా అవలేదమ్మా, ఆవిడ చెబుతోంది" అని పెట్టేశాడు. తమ్ముడి కాగితం నిండిపోయింది. ఆయన లేచి పైకెళ్ళి ఇంకో నాలుగు కాగితాలు తెచ్చాడు.