పళ్లెం మూయని పిల్ల

వేల్స్ నుంచి చర్చి బృందం ఫిబ్రవరి రెండో వారంలో వస్తుందని తెలిసిన దగ్గర్నుంచి లిడియాకు కాలు ఒకచోట నిలవలేదు. గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు బొగ్గు గనికి కిలోమీటరు దూరాన ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని, ఆమె, ఆమె భర్త జ్ఞానయ్య పన్నెండుమంది పిల్లల్ని చూసుకుంటున్నారు. ముప్పై ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక ఆమె పెట్టుకున్న పని అదే. వాళ్ల చర్చికీ, వేల్స్‌లో ఒక చిన్న ఊరి చర్చికీ చాలా ఏళ్లుగా ఉత్తరాల స్నేహం ఉంది. ఆ ఊరూ ఒకప్పుడు బొగ్గు గనుల ఊరేనట. అక్కడి నుంచి ఐదుగురు వచ్చి పది రోజులు పిల్లలతో ఉంటామన్నారు.

లిడియా బాత్రూములో కుర్చీ కమోడు పెట్టించింది. కొత్త దోమతెరలు తెచ్చింది. కారం లేకుండా పప్పు ఎలా చేయాలో వంటచేసే సారలమ్మకు మూడుసార్లు చెప్పింది. "కారం లేని పప్పేంది లిడియమ్మా, జెరమొచ్చినోళ్లకు పెట్టినట్టు" అని సారలమ్మ గొణుక్కుంటూనే ఒప్పుకుంది. అన్నీ కుదిరాయి. స్వాగతం పాట ఒక్కటే కుదరలేదు. దానికి కారణం దీప.

దీపకు ఎనిమిదేళ్లు. తండ్రి బసంత్‌నగర్ రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. తల్లి సంధ్యారాణి ఆఫీసుల్లో ఊడ్చే కాంట్రాక్టు పనికి పోతుంది. తెల్లారకముందే డ్యూటీ. పిల్లను చూసేవాళ్లు లేక రెండేళ్ల కిందట ఇక్కడ చేర్చింది. చేర్చిన రోజే చెప్పింది. "మొండిదమ్మా ఇది. పిలిస్తె పలుకది. రెండు దెబ్బలు పడితెనే ఇంటది."

అతిథులు వచ్చే ముందురోజు పాట ప్రాక్టీసులో పిల్లలంతా చప్పట్లు కొట్టి పక్కకు తిరగాలి. దీప ప్రతిసారీ ఒక చప్పట వెనక. లిడియా ఆమె వెనక నిలబడి "దీపా, ముందటికి రా" అంది. కదలలేదు. మళ్లీ అంది. మూడోసారి అన్నా ఆ పిల్ల ఎటో చూస్తూ నిలబడింది. లిడియా బల్ల మీది చెక్క స్కేలు తీసి, పిల్లను భుజం పట్టి తిప్పి, అరచేతిలో రెండు వేసింది.

"తెల్లోళ్ల ముంగట నా ఇజ్జత్ తీస్తవా? ఏంది, నా మొకం కెల్లి అట్ల గుడ్లప్పగించి చూస్తున్నవ్?"

దీప ఏడవలేదు. ఆమె పెదాల వైపే చూస్తూ నిలబడింది. ఆ చూపు లిడియాకు ఇంకా కోపం తెప్పించింది.

బృందానికి పెద్ద హెలెన్. ముగ్గురు కాలేజీ పిల్లలు ఆమె వెంట వచ్చారు. ఐదో మనిషి గ్విన్. డెబ్బై రెండేళ్లవాడు, కుర్రతనమంతా బొగ్గు గనిలో డ్రిల్లు పట్టినవాడు. జ్ఞానయ్య కూడా ముప్పై నాలుగేళ్లు భూగర్భంలో అదే పని చేశాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మొదటిరోజు సాయంత్రానికే వరండాలో పక్కపక్కన కూర్చుని, చేతులతో డ్రిల్లు చేసి చూపించుకుంటూ, గట్టిగా అరుచుకుంటూ నవ్వారు. డ్రిల్లు మోత జ్ఞానయ్య చెవుల్ని చాలావరకు తినేసింది. ఆయనతో మాట్లాడాలంటే ఇంట్లో ఎవరైనా గొంతు చించుకోవాల్సిందే. గ్విన్‌కు రెండు చెవుల వెనకా చిన్న వినికిడి మిషన్లున్నాయి. దీప ఎప్పటిలాగే జ్ఞానయ్య మోకాలి దగ్గర కూర్చుంది. ఈ ఇంట్లో ఆమె అతుక్కుని తిరిగేది ఆ తాత దగ్గరే.

మూడోరోజు కూడా ఆటలు సాగి, భోజనాలు రెండు దాటాక మొదలయ్యాయి. లిడియా పిలిచినప్పుడు దీప ఉయ్యాల దిగి రాలేదు. అందుకని శిక్షగా వరస చివర గోడ వైపు మొహం పెట్టి కూర్చోమంది.

ఆ వేళకు గనిలో మందు పెట్టి బండలు పేలుస్తారు. ముందు ఒక సైరన్, కాసేపటికి రెండో సైరన్. రెండోది మోగిందంటే క్షణాల్లో నేల అదురుతుంది, భోజనాల షెడ్డు రేకుల మీది దుమ్ము కిందికి రాలుతుంది. అందుకని రెండో సైరన్ వినపడగానే పిల్లలు రెండు చేతులూ చాచి, ముందుకు వంగి పళ్లెం మూసుకుంటారు. ఎవరూ చెప్పక్కర్లేదు. అతిథులకు అది చూస్తే భలే సరదాగా ఉంది.

రెండో సైరన్ మోగింది. పదకొండు మంది పళ్లేలు మూశారు. దీప అన్నం కలుపుకుంటూనే ఉంది.

నేల అదిరింది. రేకులు గలగలమన్నాయి. దీప ఉలిక్కిపడి తల ఎత్తేసరికి నల్లటి దుమ్ము సన్నగా ఆమె పప్పన్నం మీద పడుతోంది.

"చూసిన్రా" అంది లిడియా సారలమ్మతో, సిగ్గుతో మొహం ఎర్రబడి. "కావాలని చేసింది. నేను గోడ దిక్కు కూసొమ్మన్ననని, అందరి ముంగట నన్ను సాధిస్తున్నది."

గ్విన్ తన పళ్లెం పక్కకు పెట్టి లేచాడు. మెల్లగా వెళ్లి దీప వెనక నిలబడ్డాడు. "దీపా" అన్నాడు. పిల్ల దుమ్ము పడిన ముద్దలు ఏరి పక్కన పెడుతోంది. "దీపా" అన్నాడు ఇంకాస్త గట్టిగా. తిరగలేదు. ఆ తర్వాత ఆయన చుట్టూ తిరిగి వచ్చి, గోడకు ఆనుకుని, పిల్ల ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నోరు తెరిచి, గొంతులోంచి చిన్న శబ్దమైనా రాకుండా, "దీపా" అన్నట్టు పెదాలు మాత్రమే కదిపాడు.

"ఆ?" అంది దీప.

షెడ్డులో ఉన్నవాళ్లు ఎవరూ ఆయన గొంతు వినలేదు. ఆ పిల్ల పలికింది.

గ్విన్ లిడియా వైపు తలెత్తి ఇంగ్లీషులో అన్నాడు. "ఈ పిల్లకు చెవులు వినపడవు."

"లేదు లేదు" అంది లిడియా వెంటనే. "పాట పాడుతుంది. మా ఆయనతో బాగా మాట్లాడుతుంది. కాస్త మొండి, అంతే."

"మొదటి రోజు నుంచీ చూస్తున్నాను. అందరూ నవ్వాక నవ్వుతుంది. అందరూ లేచాక లేస్తుంది. ఇవి పెట్టించుకోకముందు నేనూ ఇంతే" అని తన చెవి వెనక మిషన్ తాకి చూపించాడు. "మొన్నా నిన్నా సైరన్ మోగినప్పుడు ముందు తన పక్కనున్న పిల్లను చూసింది. తర్వాతే పళ్లెం మూసింది. ఇవాళ ఆమెకు ఎదురుగా గోడ ఉంది."

లిడియా చేతిలోని గరిటె జారి బండల మీద పడింది. ఖంగుమన్న ఆ మోతకు అందరి తలలూ తిరిగాయి. దీప మాత్రం గ్విన్ పెదాల వంకే చూస్తోంది, ఇంకేమంటాడా అని.

 లిడియా పక్కనున్న బల్లను పట్టుకుంది. హెలెన్ ఏదో అడుగుతోంది. లిడియాకు మాటలు చెవిన పడుతున్నాయి గాని అర్థం కావడం లేదు. రెండేళ్లు. ఎన్నిసార్లు వెనక నుంచి పిలిచింది? ఎన్నిసార్లు ఎండలో నిలబెట్టింది? మొన్న కొట్టినప్పుడు ఆ పిల్ల తన మొహంలోకి చూసింది పొగరుతో కాదు. తాను ఏమంటున్నదో తెలుసుకుందామని.

ఆమె తిన్నగా వరండాలోకి వెళ్లింది. జ్ఞానయ్య కునుకు తీస్తున్నాడు. భుజం పట్టి ఊపింది.

"దీపకు చెవులు ఇనవడ్తలెవ్వట!"

"అవును" అన్నాడు జ్ఞానయ్య కళ్లు నలుపుకుంటూ.

"అవునేంది? నీకెర్కనా?"

"గట్టిగ మాట్లాడితె ఇనవడ్తది. మెల్లగ మాట్లాడితె ఇనవడది. నా లెక్కనే."

"మరి నాకెందుకు చెప్పలే?" అని అరిచింది లిడియా.

జ్ఞానయ్య ఆమెను అయోమయంగా చూశాడు. "అందరు గట్టిగనే మాట్లాడ్తరు గదనే ఈ ఇంట్ల. గిదొక చెప్పే ముచ్చటనా అనుకున్న."

లిడియా అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. చెవుడున్న మనిషితో ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్నది తను. బడిలో వందల మంది పిల్లల్ని చూసింది తను. ఆ పిల్ల తాతను అంటిపెట్టుకుని ఎందుకు తిరుగుతోందని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆయనతో అందరూ అరిచి మాట్లాడతారు కాబట్టి, ఆయన పక్కన కూర్చుంటే ఆ పిల్లకూ నాలుగు మాటలు అందుతాయి.

మర్నాడు సంధ్యారాణి డ్యూటీ మానుకుని వచ్చింది. ఆమె, లిడియా, దీప కలిసి కరీంనగర్ పోయారు. అద్దాల గదిలో దీప చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష చేశారు. గంటసేపటికి డాక్టరు పిలిచాడు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవికి దగ్గర నుంచి అరిస్తే కొంత అందుతుంది అన్నాడు.

"ఎప్పుడైనా పెద్ద జ్వరం వచ్చిందా?" అని అడిగాడు.

"ఐదో ఏట వచ్చింది సారు. పన్నెండు రోజులు లేవలే. బతుకదనుకున్నం" అంది సంధ్యారాణి. ఆగి, మెల్లగా అంది. "దాని తర్వాతనే మొండిదైంది."

డాక్టరు రాయడం ఆపి ఆమె వైపు చూశాడు. 

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని సంధ్యారాణి తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "చీపురుకట్టతోని కొట్టిన లిడియమ్మా. గంటెతోని కొట్టిన. దాని అయ్య సచ్చిపోయిన్నాడు కూడ ఏడుస్తలేదని కొట్టిన. అది అందరి మొకాలు చూసుకుంట నిలవడ్డది. ఏమైందో దానికి ఎవ్వలు చెప్పలే."

"నువ్వు చదువుకోలేదు సంధ్యా. నేను చదువుకున్న. నేను గూడ కొట్టిన" అంది లిడియా. 

అక్కడే ఆమె దీప ఎదురుగా వంగి, మొహం సూటిగా పెట్టి, ఒక్కో మాటా విడమరిచి "నాది తప్పు బిడ్డా" అంది. దీప ఆమె పెదాలు చూసింది. తల ఊపింది. తర్వాత రోడ్డు అవతల చెరకు రసం బండి వైపు చెయ్యి చూపించింది.

ఆదివారం చర్చిలో అతిథులకు సన్మానం. పిల్లల ఇంటి సేవ గురించి లిడియా పది నిమిషాలు మాట్లాడాలి. ఇంగ్లీషులో, తెలుగులో. కాగితం ముందే రాసి పెట్టుకుంది. మైకు ముందు నిలబడి ఆ కాగితం మడిచేసింది.

"మీరంత మేం చేసే సేవ చూడనీకి వచ్చిన్రు. నేను రెండేండ్ల సంది చెవులు ఇనవడని పిల్లను, ఇంటలేదని కొట్టిన. ఈ దేశం కాని మనిషికి మూడు దినాలల్ల కనవడ్డది నాకు కనవడలే. ఇంతకన్న నాకు చెప్పేదేం లేదు."

అదే ఇంగ్లీషులోనూ చెప్పి దిగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.  హెలెన్ తల వంచుకుంది. పాస్టరు భూపాల్ లేచి ప్రార్థన చేద్దామన్నాడు. బయట చెప్పుల దగ్గర సంఘపెద్ద ఒకాయన లిడియాను ఆపి "గిదంత బయటోళ్ల ముంగట చెప్పుడెందుకక్కా" అన్నాడు. ఆమె చెప్పులు తొడుక్కుని పిల్లల వెంట నడిచింది.

బృందం వెళ్లిపోయింది. వెళ్లేముందు గ్విన్ దీపను కూర్చోబెట్టి తన చెవి మిషన్ ఎలా తీయాలో, బ్యాటరీ ఎలా మార్చాలో చూపించాడు. లిడియా మిగతా పదకొండు మందినీ తీసుకుపోయి చెవులూ కళ్లూ పరీక్ష చేయించింది. వాళ్లలో సారిక అనే పిల్లకు దూరం ఆనడం లేదని తేలింది. దీపకు ఏప్రిల్‌లో ఎడమ చెవికి మిషన్ వచ్చింది. మొదటి రోజు ఫ్యాన్ మోతకు భయపడి పీకి విసిరేసింది. రెండో వారానికి పొద్దున్నే తనే పెట్టుకోవడం మొదలుపెట్టింది. మాట తేటపడింది. బడిలో ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. ఆదివారం ఆదివారం తల్లి వచ్చి తీసుకుపోతోంది.

వానలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున లిడియా పిల్లలకు జడలు వేస్తోంది. దీప వంతు వచ్చింది. లిడియా జుట్టు పాయలు తీస్తుండగా ఆ పిల్ల వెనక్కి తిరగకుండానే అడిగింది.

"లిడియమ్మా, నన్ను గప్పుడు ఎందుకు కొట్టినవ్?"

దువ్వెన ఆగిపోయింది. 

"నీకు ఇనవడదని నాకు తెల్వలే బిడ్డా."



"అడిగితె చెప్తుంటి గదా" అంది దీప.

లిడియా చేతిలో జుట్టు పాయలు అలాగే ఉండిపోయాయి. వెనక వరసలో ఉన్న పిల్లలు బడికి ఆలస్యమవుతోందని గొడవ చేస్తున్నారు.