ఉడుత ఆయాసం

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, చేతిలో ఉన్న కొత్త వీడియో గేము కంట్రోలర్‌ని సోఫా మీద పడేసి పిన్ని తేల్చి చెప్పేసింది.

"ఇది మన ఉడుత కాదే."

పక్కనే కూర్చున్న అక్క కూతురికి ఆ మాట చురుక్కుమంది. ఆ ఉడుతని కొత్త యంత్రంలోకి తెచ్చింది తనే మరి. ఏడు నెలల చాకిరీ. తెర మీద ఒక్క చుక్క పక్కకి జరిగినా పట్టేస్తుందని ఆఫీసులో అందరూ ఆమెని భూతద్దం అంటారు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనబడదు.

పాత వీడియో గేములని కొత్త కన్సోళ్ల మీద ఆడేటట్టు చెయ్యడం వాళ్ల కంపెనీ పని. కంపెనీ అంటే ఎనిమిది మంది మనుషులు, ఒక ప్రింటింగ్ ప్రెస్సు పైన రెండు గదులు. కింద మిషను తిరిగితే పైన టీ కప్పులు సాసర్లలో గలగలమంటాయి. ఈసారి వాళ్ల చేతికొచ్చిన గేము 'ఉత్తరాల ఉడుత'. పోస్టుమాన్ ఉడుత ఒకటి భుజాన సంచీ తగిలించుకుని ఇళ్ల కప్పుల మీంచి దూకుతూ ఉత్తరాలు పంచుతుంది. మొత్తం పన్నెండు దశలు. ముప్ఫై ఏళ్ల కిందటి గేము.

అందులో పాతికేళ్లు పిన్నివే. ఆవిడ టైపిస్టుగా పనిచేసి రిటైరైంది. ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చి తన పని సగానికి సగం తగ్గినప్పుడు, వేళ్లు ఊరికే ఉండలేక, తోటి ఉద్యోగిని దగ్గర పాత కన్సోల్ ఒకటి తీసుకుంది. దాంతో పాటే వచ్చింది ఉడుత. అప్పట్నించీ రోజూ మధ్యాహ్నం ఒక గంట దానిదే. ఆ గంటలో ఫోను మోగినా తియ్యదు, చుట్టం వచ్చినా లేవదు.

"ఎందుకు కాదు పిన్నీ? అదే ఉడుత, అవే ఇళ్లు. రంగులు కూడా మార్చలేదు."

"ఆరో దశ దాకా అదే. ఏడో దాంట్లో గాలివాన రాగానే నా మాట వినడం మానేసింది. అయిదుసార్లు పడ్డాను చూశావుగా!"

"కొత్త కంట్రోలర్ అలవాటు కాలేదేమో."

పిన్ని లేచి మూలనున్న పాత డబ్బా టీవీ పెట్టింది, పాత యంత్రం మీట నొక్కింది. ఇరవై నిమిషాల్లో ఏడో దశకొచ్చింది. గాలివానకి కప్పుల మీది పెంకులు లేచి ఎగిరి పడుతున్నాయి. వాటి సందుల్లోంచి ఉడుత ఒక్కొక్క దూకే దూకుతూ పోస్టు డబ్బా దగ్గరికి చేరిపోయింది. మొదటిసారికే.

"ఇప్పుడేమంటావ్?" అంది పిన్ని, కళ్లజోడు పైకి తోసుకుంటూ.

భూతద్దం తలలో పురుగు దూరింది.

సోమవారం ఆఫీసుకి వెళ్లగానే పాత ప్రోగ్రామునీ తమ ప్రోగ్రామునీ పక్కపక్కన పెట్టి చూసింది. ఉడుత ఎంత ఎత్తు ఎగురుతుంది, పెంకు ఎంత వేగంగా పడుతుంది, ఎన్ని పెంకులు, ఏ వరసలో? అంకె అంకెకీ సరిపోయింది. వెంట్రుక వాసి తేడా లేదు. గేములు ఆడి తప్పులు పట్టే టెస్టర్ అమ్మాయిని పిలిచి అడిగింది.

"ఏడో దశ దగ్గర నీకేమైనా తేడా అనిపించిందా?"

"తేడా ఏం లేదక్కా, కష్టం అంతే. నేను నలభైసార్లు పడ్డాను. పాత గేములంటే అంతే కదా, చంపేస్తాయి అనుకున్నా."

"మరి తప్పుల లిస్టులో రాయలేదేం?"

"నాకు ఆడటం రాకపోతే అది గేము తప్పా?" అంది టెస్టర్. అదీ నిజమే.

మేనేజర్ సంగతి విని నవ్వేశాడు. "భూతద్దం గారూ, కొత్త యంత్రం పాతదానికంటే వెయ్యి రెట్లు నయం. నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. మీ పిన్నిగారు ఒక వారం ఆడితే అలవాటైపోతుంది. పై నెల విడుదల, గోరంతది కొండంత చెయ్యకండి."

గోరంతే అయినా అదేమిటో తెలియాలి కదా? మర్నాడు సెలవు పెట్టి, పిన్ని ఆడుతుంటే పాత టీవీ తెరని ఫోన్లో వీడియో తీసింది. తరువాత ఆ వీడియోని ఒక్కొక్క బొమ్మగా జరుపుతూ లెక్క రాసుకుంది. పాత యంత్రం సెకనుకి అరవైసార్లు బొమ్మ మార్చి గీస్తుంది. మొదటి దశలో ఉడుత ఒక దూకు పూర్తి చెయ్యడానికి ముప్ఫై ఆరు బొమ్మల కాలం పట్టింది. కొత్త యంత్రంలోనూ ముప్ఫై ఆరే. ఏడో దశకి వచ్చేసరికి పాతదాంట్లో అదే దూకుకి ఒకచోట యాభై పట్టింది, ఇంకోచోట డెబ్భై రెండు. కొత్తదాంట్లో మాత్రం అంతటా ముప్ఫై ఆరే.

అప్పుడు వెలిగింది.

"పిన్నీ, పెంకులు పన్నెండు దాటాయంటే పాత యంత్రానికి అన్నీ గియ్యడానికి టైము చాలట్లేదు. ఒక వంతు తప్పించి మరో వంతుకి గీస్తోంది. దాంతో ఉడుతా, పెంకులూ, వానా అన్నీ కలిసి నెమ్మదిస్తున్నాయి. కొత్తదానికి ఆ ఇబ్బంది లేదు, కళ్లు మూసి తెరిచేలోగా గీసి పారేస్తుంది. అందుకే నీ వేళ్లు వెనకబడిపోతున్నాయి."

పిన్ని పాత టీవీ వైపు తిరిగింది. "అంటే ఇన్నాళ్లూ గాలివానలో అది కూడా నాతో పాటు ఆయాసపడేదన్న మాట. ఉడుతకి భయమేసి ఆగి ఆగి దూకుతోందనుకునేదాన్ని."

కారణం దొరికింది గనక మందు తేలికే అనుకుంది భూతద్దం. ఏడో దశ మొత్తాన్నీ మూడో వంతు నెమ్మది చేసి మర్నాడు ఇంటికి తెచ్చింది. పిన్ని రెండు దూకులు దూకి కంట్రోలర్ కింద పెట్టేసింది.

"ఇది ఆయాసం కాదే, బద్ధకం."

"రెంటికీ తేడా ఏముంది?"

"నేను టైపు కొట్టేటప్పుడు మా సూపర్నెంటు చెబుతుంటే కొట్టేదాన్ని. ఆయన దగ్గొచ్చి ఆగడం వేరు, నిద్రొచ్చి ఆగడం వేరు. దగ్గొచ్చినప్పుడు తరవాతి మాట ఎప్పుడు పడుతుందో నా వేళ్లకి తెలుస్తుంది."

ఇక లాభం లేదని భూతద్దం మొదట్నించీ మొదలుపెట్టింది. ఒక్కొక్క పెంకు గియ్యడానికి పాత యంత్రానికి ఎంత సేపు పట్టేదో, వాన చుక్కకి ఎంతో, ఉడుత తోకకి ఎంతో లెక్కగట్టి, ఆ భారాన్ని బట్టే కొత్త యంత్రం కూడా ఆగేటట్టు రాసింది. తోకకే అన్నిటికన్నా ఎక్కువ పట్టేదని తేలింది. నాలుగు రోజులకి పిన్ని ఏడో దశలో సగం దాకా చకచకా వెళ్లిపోయింది. "ఆఁ, ఇదీ!" అంది. సరిగ్గా పోస్టు డబ్బా ముందు, ఆఖరి దూకు దగ్గర మళ్లీ పడింది. మళ్లీ ఆడింది, మళ్లీ అక్కడే.

పాత యంత్రం ఆటని తీసిన ఫోను వీడియో మళ్లీ చూస్తే విచిత్రం. ఆఖరి దూకు దగ్గర గాల్లో ఉన్న పెంకులు ఆరే. ఆరు పెంకులు పాత యంత్రానికి ఒక లెక్క కాదు, నెమ్మదించాల్సిన పని లేదు. అయినా ఆ దూకుకి డెబ్భై రెండు బొమ్మల కాలం పట్టింది.

పాత ప్రోగ్రాములో ఆ చోటు వెతికితే మూడు వరసలు దొరికాయి. సున్నా నుంచి మొదలుపెట్టి వేలకి వేలు లెక్కపెట్టు, పెట్టి ఊరుకో. ఆ లెక్కతో దేనికీ పని లేదు, అది అయ్యేదాకా ఆట నెమ్మదించడం తప్ప. దేనికీ పనికిరాని లెక్క కనుకే కొత్త యంత్రానికి అనువుగా మార్చేటప్పుడు అది ఎగిరిపోయింది, ఎవరూ గమనించలేదు. ఎవరో కావాలనే రాశారు దాన్ని. పక్కన ఒక్క ముక్క వివరం లేదు.

తిరిగి పెట్టెయ్యడం రెండు నిమిషాల పని. కానీ ఎందుకు రాశారో తెలియకుండా పెట్టెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు.

గేము చివర్లో చేసినవాళ్ల పేర్ల చోట మారుపేర్లే ఉన్నాయి. ప్రోగ్రాము రాసినవాడి పేరు 'గుడ్లగూబ'. హక్కులున్న కంపెనీకి ఫోను చేస్తే తెలీదన్నారు. రెండోసారి చేస్తే పాత గుమాస్తా ఒకాయన నంబరిచ్చారు. ఆయన కాస్త గొంతు సవరించుకుని, "గుడ్లగూబా? కళ్లద్దాల షాపు పెట్టుకున్నాడమ్మా, ఎప్పుడో. అడ్రసు చెప్తా, రాసుకో," అన్నాడు.

ఆదివారం పొద్దున పిన్నినీ వెంటేసుకుని బస్సెక్కింది. సన్నటి షాపు, గోడల నిండా ఖాళీ ఫ్రేములు. లోపల అరవై అయిదేళ్ల మనిషి ఒకావిడని కుర్చీలో కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి చూపిస్తున్నాడు. "ఇది బాగుందా, ఇందాకటిదా? సరిగ్గా చూసి చెప్పండి." ఆవిడ వెళ్లేదాకా ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు.

ఉడుత పేరు ఎత్తగానే ఆయన మొహం ముడుచుకుంది. "దాని సంగతి ఇప్పుడెందుకండీ? గాలివానలో నత్తలా నడుస్తుందని పత్రికల వాళ్లు దుమ్మెత్తి పోశారు. మా బాసు నన్ను నిలువునా కడిగేశాడు."

"నత్తలా కాదు," అంది పిన్ని. "ఆయాసంగా."

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "మీరు ఆడారా?"

"పాతికేళ్ల నించీ."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. భూతద్దం కాగితం తీసి ఆ మూడు వరసలూ చూపించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, ఒక్కసారి నవ్వాడు.

"ఇది దొరికిందా మీకు! చెప్తాను వినండి. పెంకులు తగ్గించు, గేము నెమ్మదిస్తోంది అన్నాడు మా బాసు. పది చేశాను. యంత్రం పరిగెత్తింది గానీ అది గాలివానలా లేదు, ఎవరో గిన్నెలు విసురుతున్నట్టుంది. మళ్లీ పద్నాలుగు చేశాను. నెమ్మదించింది. ఆ నెమ్మదిలో ఆడితే ఎంత హాయిగా ఉందో! ఊపిరి బిగబట్టి దాటుతున్నట్టు. దాన్నలాగే ఉంచేశాను. ఒక్కటే చిక్కొచ్చింది. చివరికొచ్చేసరికి పెంకులు తగ్గిపోతాయి కదా, యంత్రం ఉన్నట్టుండి తేరుకుని పరుగందుకునేది. చెయ్యేమో నెమ్మదికి అలవాటు పడిపోయింది. సరిగ్గా గట్టెక్కే చోట పడిపోయేవాణ్ని. నా గేము నేనే గెలవలేకపోయాను!"

"అందుకని ఊరికే లెక్కపెట్టించారా?"

"ఆ ఒక్క దూకయ్యేదాకా. బాసు అడిగితే పిడుగు శబ్దం కోసం అని చెప్పాను. ఆయనకి ప్రోగ్రాము చదవడం రాదు."

పిన్ని ముందుకి వంగింది. "మరి తొమ్మిదో దశలో కుడివైపు నిచ్చెన ఎక్కితే విరుగుతుందెందుకు? ఏం తప్పు చేశామని?"

"నిచ్చెన విరుగుతుందా?"

"రెండో ఉత్తరం ఇవ్వకుండా ఎక్కితే విరుగుతుంది. ఇవ్వకపోవడం పాపం కదా, అందుకు శిక్ష అనుకున్నాను."

"అయ్యో, అది నేను పెట్టింది కాదండీ. ఎక్కడో పొరపాటు. ఇన్నేళ్లకి మీ నోటే వింటున్నాను." ఆయన భూతద్దం వైపు తిరిగి బతిమాలుతున్నట్టు అన్నాడు. "దాన్ని బాగుచేసెయ్యమ్మా, పరువు పోతుంది."

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది పిన్ని. "మాలాంటి వాళ్లకి అది నీతి."

ఇద్దరూ అరగంట వాదులాడుకున్నారు. మధ్యలో ఒకాయన ముక్కు మీద నిలవని ఫ్రేము బిగించుకోడానికి వచ్చి, నిచ్చెన గొడవ మొత్తం విని, పిన్నినే సమర్థించి వెళ్లాడు.

ఆఫీసులో మేనేజర్‌ని ఒప్పించడం మాత్రం తేలిక కాలేదు. "ఆలస్యం అమృతం విషం అన్నారు. ఏరికోరి నెమ్మదిగా ఉన్న గేము ఎవరు కొంటారు?" అన్నాడు. అప్పుడు భూతద్దం రెండు యంత్రాలు పెట్టి, ఒకదానికి ఎర్రచీటీ, ఒకదానికి నీలంచీటీ అంటించి, ఏది ఏదో చెప్పకుండా ఆఫీసులో మిగతా అందరిచేతా ఏడో దశ ఆడించింది. ఏడుగురిలో ఏ ఒక్కరూ తేడా ఏమిటో చెప్పలేకపోయారు. కానీ ఆరుగురు నీలంచీటీ దగ్గరే ఎక్కువ దూరం వెళ్లారు. ఎర్రచీటీ దగ్గర మూడుసార్లు పడ్డ మేనేజర్ నీలందాంట్లో పోస్టు డబ్బా దాకా వెళ్లి, కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. కింద మిషను తిరుగుతోంది, కప్పులు గలగలమంటున్నాయి, ఆయనకేం వినబడలేదు.

"ఏది పాతది?" అన్నాడు చివరికి.

"మీరు గెలిచింది."

ఆయన బుర్ర గోక్కున్నాడు. "సరే. నిదానమే ప్రధానం అని కూడా వాళ్లే అన్నారులెండి."

రెండూ పెట్టారు. మెనూలో 'పాత ఊపిరి', 'కొత్త ఊపిరి' అని రాసి, ఆడేవాళ్ల ఇష్టానికి వదిలేశారు. మొదట తెరుచుకునేది మాత్రం పాతదే. ఆ మూడు వరసలు గేములోకి తిరిగొచ్చాయి. పక్కన భూతద్దం ఒక వరస వివరం రాసింది: 'ఇది పిడుగు కోసం కాదు, ఆడేవాళ్ల చేతి కోసం. తియ్యొద్దు.' నిచ్చెన విరుగుతూనే ఉంది. దాని మీద గుడ్లగూబ అభ్యంతరాన్ని మేనేజర్ లిస్టులో రాసుకుని, 'పరిశీలిస్తాం' అన్నాడు.

గేము విడుదలయ్యాక కొందరు నెమ్మదిగా ఉందని తిట్టారు. అచ్చం చిన్నప్పటిలాగే ఉంది, ఎలా కుదిరింది అని మరికొందరు రాశారు. ఆ రెండో రకం ఉత్తరాలని భూతద్దం అచ్చు తీసి షాపుకి పంపింది. వారానికి రెండు రోజులు పిన్ని ఆఫీసుకి రావడం మొదలైంది. టెస్టర్ అమ్మాయి పక్కన కుర్చీ, సొంత టీ కప్పు. లిస్టులో ఆవిడ రాసే తప్పులు మిగతావాళ్లకి అర్థం కావు. 'మూడో తలుపు మొహమాటపడుతోంది' అని ఉంటుంది. వెళ్లి చూస్తే నిజంగానే ఏదో ఉంటుంది.

మరుసటి నెల కొత్త పని వచ్చింది. జలాంతర్గామి గేము, ఉడుత కంటే పాతది. భూతద్దం దాని ప్రోగ్రాము తెరిచి, మిగతావన్నీ పక్కన పెట్టి, ముందుగా ఊరికే లెక్కపెట్టే చోట్ల కోసం వెతికింది. రెండు దొరికాయి. ఒకటి ఎందుకో మధ్యాహ్నానికల్లా తెలిసిపోయింది. రెండోది సరిగ్గా సముద్రం అడుగున, ఏమీ జరగని చోట ఉంది. చేప కూడా లేదక్కడ.

ఆమె కాసేపు ఆ నీలం తెర వంక చూసి, పిన్నిని కేకేసింది.

"పిన్నీ, ఒకసారి ఇటు రా. ఇక్కడ ఇదెందుకు ఆగుతోందో చూడు."