బోగ్డాన్ వేసిన నేల

నీళ్లు పీల్చే యంత్రం గొట్టాన్ని జెనోన్ సోఫా కిందికి తోశాడు. అది గర్రుమని నాలుగు గుక్కలు తాగి మళ్లీ ఉత్త గాలి పీల్చడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచీ ఇదే పని. నడుం ఎప్పుడో విరిగిపోయింది. ఇంత తడిలోనూ బూట్లు గుమ్మం బయట విప్పి, ఇంటావిడ హలీనా ఇచ్చిన రబ్బరు చెప్పులేసుకుని మరీ చేస్తున్నాడు. నేలకి పరిచిన ఓక్ చెక్కలు అంచులు లేచి అప్పడాల్లా వంకర్లు పోయాయి. అయినా సరే, ఆ ఇంట్లో బూట్లతో అడుగుపెట్టడానికి వీల్లేదు.

నిన్న అమెరికాలోని ఈ బఫెలో ఊరి చలికి గోడలోని నీళ్ల గొట్టం గడ్డకట్టి పగిలింది. జెనోన్ కిందికి పరుగెత్తి వాల్వు కట్టేసేలోగా రెండో అంతస్తులోని ఆ ఇల్లు కాస్తా చెరువయింది.

అతను ఆ భవనానికి కేర్‌టేకర్. పోలండ్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అదే ఉద్యోగం. బల్బులు మార్చడం, మెట్ల మీది మంచు ఊడ్చడం, చెత్త గొట్టంలో ఇరుక్కున్న సంచుల్ని కర్రతో పొడవడం. బాయిలర్ పక్క గదిలో ఒంటరి కాపురం. పెళ్లి చేసుకుందామా వద్దా అని ఆలోచిస్తుండగానే యాభై దాటాయి. భవనంలో అతన్ని పనికి పిలవని ఇల్లు లేదు గానీ, కూర్చోమనే ఇల్లు మాత్రం ఇదొక్కటే. శుక్రవారం సాయంత్రం హలీనా పుల్లటి సూపు గిన్నె ముందు పెట్టి, పోయిన భర్త బోగ్డాన్ కబుర్లు చెబుతుంది. చెప్పినవే చెబుతుంది. అతనూ కొత్తగా విన్నట్టే వింటాడు.

"ఆ ఇన్సూరెన్స్ ఆయన ఎప్పుడొస్తాడు జెనోన్?"

"వచ్చేస్తుంటాడండీ."

"అసోసియేషన్‌కి నెలనెలా కడుతూనే ఉన్నాను కదయ్యా. బ్యాంకు అప్పు తీరగానే, ఇంక మనకి విడిగా ఇన్సూరెన్స్ దేనికే, అన్నీ అందులోనే ఉన్నాయిగా అని మా ఆయన మానేశాడు."

జెనోన్ గొట్టాన్ని ఇంకో మూలకి జరిపాడు. ఈ భవనంలో సగంమంది లెక్క అదే. అసోసియేషన్ పాలసీ భవనానిది. గోడలు, కప్పు, గొట్టాలు, బిల్డరు తాళాలిచ్చిన నాడు లోపల ఏముంటే అది, అంతవరకే దాని బాధ్యత. ఆ తర్వాత మనం వేసుకున్నదీ, కొనుక్కున్నదీ, ఇల్లు బాగయ్యేదాకా ఎక్కడో తలదాచుకునే ఖర్చూ మన సొంత పాలసీ చూసుకోవాలి. అప్పున్నన్నాళ్లూ బ్యాంకు మెడ మీద కూర్చుని అది కట్టిస్తుంది. అప్పు తీరాక అడిగే నాథుడుండడు. పగిలిన గొట్టం అసోసియేషన్‌ది, పాడైన నేల మాత్రం ఈవిడది. ఇదేం న్యాయమో దేవుడికే తెలియాలి.

"ఇదిగో వినండి. నేల సంగతి అడిగితే మీరు నోరు మెదపకండి. పై అంతస్తు మూల ఇళ్లకి బిల్డరే ఓక్ వేశాడు. మీదీ మూల ఇల్లేగా, మీకూ అలాగే ఇచ్చాడని నేను చెబుతాను. డబ్బులొస్తాయి, ఇక్కడే ఉండొచ్చు."

"లేకపోతే?"

"లేకపోతే ఉందిగా, మీ చెల్లెలి ఇల్లు."

"అమ్మో! దాని ఆరు పిల్లులతోనా!" అంది హలీనా. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

అసోసియేషన్ పాలసీ తరఫున వచ్చిన డన్‌లాప్ జలుబుతో ముక్కు ఎర్రబడ్డ మనిషి. గుమ్మంలోనే హలీనా అతని ముందు చెప్పులు పడేసింది.

"చెరువులో చెప్పులేంటండీ?"

"మా ఇంట్లో అంతే నాయనా."

అతను నిట్టూర్చి బూట్లు విప్పాడు. మేజోడు చిల్లులోంచి బొటనవేలు కనపడింది. ఫొటోలు తీసుకుని, ఒక మూల వంగి చెక్కను వేలితో కొట్టి చూశాడు.

"ఇది బిల్డరు వేసిన నేలేనా?"

"ఆయన వేసిందే. మూల ఇళ్లకి ఇలాగే ఇచ్చారు," అన్నాడు జెనోన్. అబద్ధం ఇంత సులువుగా వస్తుందని అతనికే తెలియదు.

డన్‌లాప్ రాసుకున్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఏం పనితనమండీ! ఈ మూల చూడండి, వెంట్రుక దూరే సందు లేదు. ఆ రోజుల్లో బిల్డర్లు అలా ఉండేవాళ్లు," అన్నాడు.

"ఏ బిల్డరు?" అంది హలీనా.

జెనోన్ ఆవిడకి అడ్డం రాబోయాడు. ఆవిడ ఆగలేదు.

"వాళ్లు పరిచింది ప్లాస్టిక్ షీటు! ఇది మా ఆయన వేశాడు. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగొచ్చి, చలికాలమంతా మోకాళ్లకి తోలు తొడుగులు కట్టుకుని కూర్చుని, ఒక్కో చెక్కా చెక్కుకుని వేశాడు. బిల్డరట, బిల్డరు!"

డన్‌లాప్ జెనోన్ వంక చూశాడు. జేబురుమాలు తీసి గట్టిగా ముక్కు చీదుకున్నాడు. "పాడు జలుబమ్మా, చెవులు కూడా దిబ్బెళ్లు పడ్డాయి. మీరన్నది సరిగా వినపడలేదు. మళ్లీ చెప్పండి. బిల్డరేనా?"

జెనోన్ ప్రాణమంతా కళ్లలో పెట్టుకుని ఆవిడ వైపు చూశాడు. ఆవిడకి అర్థమైంది. అర్థం కాకపోవడమేం? వంగి ఉబ్బిన చెక్కనొకదాన్ని అరచేత్తో నిమిరింది.

"మా ఆయన," అంది.

డన్‌లాప్ రాసింది కొట్టేశాడు. ప్లాస్టిక్ షీటుకి ఎంతవుతుందో అంత ఇస్తారని చెప్పి, చెప్పులు జాగ్రత్తగా గోడవారన పెట్టి వెళ్లిపోయాడు.

"ఒక్క మాట! ఒక్క మాట మింగితే మీ సొమ్మేం పోయిందండీ?" జెనోన్ గొంతు లేచింది. ఆవిడ మీద అతను గొంతు లేపడం అదే మొదలు.

"ఆయనదీ అని చూపించుకోవడానికి నాకింకేముంది జెనోన్? అదీ ఇంకొకడిదని ఒప్పుకోనా?"

మరి నేనో, శుక్రవారం సాయంత్రాలు నేనెక్కడికి పోవాలి అని అడగాలనిపించింది. అడిగే హక్కేముంది? యంత్రం మీట మళ్లీ నొక్కాడు.

మధ్యాహ్నం చెక్కలు ఊడదీశాడు. మేకులు ఒక పట్టాన రావడం లేదు. చీకటి పడేవేళకి అరచేతులు బొబ్బలెక్కాయి. "చచ్చి కూడా చంపుతున్నావు కదయ్యా బోగ్డాన్," అని తిట్టుకుంటూ, ఊడిన ప్రతి చెక్కనీ ఎందుకో తుడిచి మరీ పేర్చాడు.

కొత్త నేల వేయించే డబ్బు కూడలేదు. మంచు కరిగే రోజుల్లో హలీనా చెల్లెలి కారొచ్చింది. జెనోన్ పెట్టెలు మోశాడు. "వేళకి తిను," అంది హలీనా. "అలాగేనండీ," అన్నాడు. వీధి మలుపులో కారు కనుమరుగయ్యాక మెట్ల మీది కరిగిన మంచు ఊడ్చి, చీపురు పెట్టడానికి కిందికి దిగాడు.

అతని గది తలుపు పిడికి పాత తోలు మోకాలి తొడుగులు రెండు వేలాడుతున్నాయి. చాలా ఏళ్లు ఒకే మనిషి మోకాళ్లు ఆనిన చోట తోలు నల్లబడి లోపలికి గుంటలు పడి ఉంది.