మేడం తింటే చాలు

మూడో పీరియడ్ సగంలో ఉండగా ప్రవళికకు కళ్లు బైర్లు కమ్మాయి. బోర్డు మీద జీర్ణాశయం బొమ్మ గీస్తున్న చేయి ఆగిపోయింది. చెమట పట్టిన వేళ్ల మధ్య చాక్‌పీస్ జారి గీత వంకరపోయింది. ఎడమ చేత్తో బోర్డు అంచు పట్టుకుని, ఊపిరి కుదురుకునేదాకా అట్లాగే నిలబడింది. పొట్ట మీద ఆపరేషన్ గాట్లు ఇంకా పూర్తిగా మానలేదు. కుచ్చిళ్లు ఒరుసుకున్నప్పుడల్లా చురుక్కుమంటున్నాయి.

గదిలో కుర్చీ లేదు. ఆ కాలేజీలో ఏ తరగతి గదిలోనూ లేదు. కుర్చీ ఉంటే లెక్చరర్ కూర్చుంటాడు, కూర్చుంటే కునుకుతాడు, వాడు కునికితే తల్లిదండ్రులు కట్టిన ఫీజు కునికినట్టే అని చైర్మన్ రఘుపతి సిద్ధాంతం. ప్రతి మీటింగులో ఈ సంగతి అరగంట చెబుతాడు. చెబుతున్నంతసేపూ మెత్త వేసిన కుర్చీలో వెనక్కి వాలి ఉంటాడు. క్లాసులోకి నీళ్ల సీసా తీసుకుపోవడం కూడా నిషేధమే. మూలన కెమెరా ఉంది. నీళ్లు తాగుతున్న మనిషి కెమెరాలో పాఠం చెబుతున్నట్టు కనిపించదు.

హైదరాబాద్ డాక్టరమ్మ మాత్రం వేరేగా చెప్పి పంపింది. గుక్కెడు గుక్కెడుగా రోజంతా నీళ్లు తాగుతూనే ఉండాలి. ఒక్కసారి గ్లాసెడు తాగితే లోపల నిలవదు. చిలికిన పప్పునీళ్లు, పలుచటి జావ, అదీ చెంచాలతో. నెల దాకా ఉద్యోగం మాట తలపెట్టొద్దు. నెల మాట దేవుడెరుగు, ప్రవళిక ఇంకా పక్క మీద ఉండగానే రమ్మని రఘుపతి ఫోన్ చేశాడు. నార్కట్‌పల్లిలో భర్త మల్లేష్ నడిపే జిరాక్స్ షాపు రాబడి దాని కిరాయికే సరిపోదు. ఆమె సోమవారం వచ్చి చేరింది. ఇవాళ శనివారం.

"మేడం, గీ బెంచి కాలు ఊగుతాంది. మేం ఎన్కకు పోతం," అంది ముందు వరుసలోంచి అక్షిత. ఆ బెంచీ మీది నలుగురూ లేచి వెనక బెంచీలో ఇరుకుకున్నారు. పోతూ పోతూ ఒకమ్మాయి తన నీళ్ల సీసా అక్కడే మరిచిపోయింది.

ఆ బెంచీ నాలుగు కాళ్లూ నేలకు చక్కగా ఆనే ఉన్నాయి. ప్రవళిక కూర్చుంది. ఒక గుక్క నీళ్లు నోట్లో పట్టి, నెమ్మదిగా మింగింది. ఆ పదహారేళ్ల పిల్లల వైపు చూడడానికి కొంచెం సిగ్గేసింది. తన వల్ల కొందరికి ఇరుకవుతోందని ఆమె చాలా ఏళ్లుగా వింటూనే ఉంది. అడక్కుండా ఒకరు జరిగి జాగా ఇవ్వడం మాత్రం ఆమెకు కొత్త.

"ఏం మేడం, సీన్మ జూస్తున్నరా కూసోని?"

గుమ్మంలో ప్రిన్సిపాల్ కమలాకర్ నిలబడ్డాడు. ఎమ్మెస్సీ చదివిన మనిషి. అయితే ఈ కాలేజీలో ఆయన నిత్యం వాడే విద్య ఒకటే, చైర్మన్ నవ్వబోతున్నాడని ముందే పసిగట్టి తానూ పెదాలు సిద్ధం చేసుకోవడం.

ప్రవళిక లేచింది. "కండ్లు తిరిగినయి సార్. రెండు నిమిషాలు..."

"పొట్ట సగం కోసి తీసేసిండ్రంట గద. ఇగ బరువెక్కడిది నిలవడనీకి?" అని గొంతు తగ్గించి, తన హాస్యాన్ని తానే ఆస్వాదించాడు. "జర నోరు కట్టుకుంటే అయిపోతుండె. ఊరికెనే గీ కోసుడేంది, కుట్టుడేంది! నడువుండ్రి, చైర్మన్ సార్ పిలుస్తున్నడు."

నోరు కట్టుకోమనే సలహా ఆమెకు స్టాఫ్‌రూములో ప్రతివారూ ఇచ్చారు. మధుమేహం ముదిరి, మోకాళ్లు అరిగి, రాత్రిళ్లు నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచే మనిషికి ఆ సలహా ఉచితంగా దొరికేది. ఇచ్చినవాళ్లే ఆమె వెనకాల 'డబుల్‌కాట్ మేడం' అని నవ్వుకునేవాళ్లు. చిట్టీ ఎత్తి ఆపరేషన్ చేయించుకుంటే, కష్టపడకుండా సన్నబడాలని చూసిందని వాళ్లే మూతి విరిచారు. లావుగా ఉండడం తప్పే, తగ్గడం తప్పే. తప్పు లేనివి ఏవంటే, వాళ్ల నోళ్లే.

ఆ కాలేజీ ఒకప్పుడు ఫంక్షన్ హాలు. హైవే పక్కన రఘుపతే కట్టించాడు. పెళ్లివాళ్లు ఒక్క పూటకు వచ్చి పోతారు, ఆడపిల్లలైతే రెండేళ్లు ఉంటారని లెక్క చూసుకుని, దాన్ని రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ చేశాడు. పెండ్లికూతురు గది ఆయన ఆఫీసయింది. గోడకున్న అద్దాలు తీయించలేదు. అందుకని ఆ గదిలోకి పోయినవాళ్లకు ఎటు చూసినా రఘుపతే కనిపిస్తాడు.

"రా ప్రవళికమ్మా, రా," అన్నాడు. కూర్చోమనలేదు. ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "పర్వాలేదు. ఇంకా అట్లనే ఉన్నవ్. మంచిదే. జర నిమ్మలంగ తగ్గు, తొందరేమున్నది?"

కమలాకర్ నవ్వాడు.

ఆ మాటకు అర్థం ప్రవళికకు తెలుసు. ప్రతి నెలా ఒక ఆదివారం తల్లిదండ్రులు పిల్లల్ని చూడడానికి వస్తారు. ఆ రోజు భోజనాల హాలులో ముందు టేబుల్ దగ్గర లెక్చరర్లు కూర్చుని, అందరి ఎదుటా మెస్ అన్నం తినాలి. వాళ్లు తింటుంటే తల్లిదండ్రులు నమ్ముతారు. ఆ టేబుల్ మధ్య కుర్చీ ఎప్పుడూ ప్రవళికదే. కాలేజీ ఫ్లెక్సీ మీద అందరు లెక్చరర్ల ఫొటోలూ వేయించి ఆమెది ఒక్కటీ వద్దన్నవాడు, ఆ కుర్చీకి మాత్రం ఆమెనే ఏరి పెట్టుకున్నాడు. నిండైన మనిషి కంచం నిండా పెట్టుకుని తింటుంటే ఇంకో ప్రచారం అక్కర్లేదని ఆయన నమ్మకం. కాలేజీ పరువుకు అడ్డమైన ఒళ్లే మెస్‌కు బోర్డు.

రేపటి ఆదివారం మామూలు ఆదివారం కాదు. ఆమె ఆస్పత్రిలో ఉన్నప్పుడు మెస్ కూర తిని పిల్లలకు వాంతులయ్యాయి. అక్షితతో సహా కొందరికి సెలైన్లు పెట్టించారు. పిల్లలు బయట చిప్స్ కొనుక్కుని తిన్నారని తల్లిదండ్రులకు చెప్పారు. గేటు దాటనివ్వని పిల్లలు బయట చిప్స్ ఎట్లా కొన్నారని అడగాలన్న ఆలోచన కమలాకర్‌కు రాలేదు. ఆయన జీతమే ఆ ఆలోచన రాకుండా ఉండడానికి.

"రేపు మధ్యల కూసో," అన్నాడు రఘుపతి. "తల్లిదండ్రులు నిన్నే అడుగుతున్నరు, ఆ లావు మేడం కనవడ్తలేదేందని. ట్రైనింగ్‌కు పోయిందని చెప్పినం."

"నేను తినలేను సార్. రెండు మూడు చెంచాల కంటే దిగదు. ఎక్కువ తింటే లోపల కుట్లకు ప్రమాదమని డాక్టర్..."

"నిన్ను మింగమన్నరా? కలుపు, పిసుకు, నోటికాడ పెట్టు. తింటున్నట్టు కనవడాలె. ఇంకోటి, ఆపరేషన్ ముచ్చట నోటెంట రావద్దు. మెస్ కూడు తినే మేడం పొట్ట కోసిండ్రు అని పుకారు లేస్తది. అట్ల కాదంటవా, జువాలజీకి సూర్యాపేట పిల్ల ఒకతి తయారుగున్నది. సన్నగుంటది గూడ."

అద్దాల్లోని రఘుపతులందరూ ఆమె వైపు చూశారు. ప్రవళికకు షాపు కిరాయి గుర్తొచ్చింది, ఇంకా తీరని చిట్టీ గుర్తొచ్చింది. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టడమే కదా అనుకుంది. సరేనంది.

ఆదివారం పొద్దున వాచ్‌మన్ మైసయ్య ఆమెను దూరం నుంచే చూసి, పెద్ద గేటు చుట్టూ నడిచే బాధ లేకుండా వెనక చిన్న గేటు తెరిచాడు. తెరిచాక వెంటనే పక్కకు జరగలేదు.

"బిడ్డా, జర చూసి తిను. రాత్రి మిగిలిన పప్పులనే పోపు పెట్టిండ్రు పొద్దుగాల. నా కండ్లతోని చూసిన."

"ఎవరికన్నా చెప్పినవా తాతా?"

"నా మాట ఎవరు ఇంటరు? నీ కడుపు పచ్చిగున్నదని నీకు చెప్తున్న."

భోజనాల హాలులో పెళ్లిళ్ల నాటి రంగు తోరణాలు ఇంకా దూలాలకు వేలాడుతున్నాయి. తల్లిదండ్రులు సద్దిమూటలు, పండ్ల సంచులు ఒళ్లో పెట్టుకుని బల్లల ముందు ఒదిగి కూర్చున్నారు. ముందు టేబుల్ మధ్యన ప్రవళిక. పక్కనే కమలాకర్. ఆయన ఇంట్లో తినే వచ్చాడు, తేన్పు దాచుకుంటున్నాడు.

ఆమెకు ఎదురుగా అక్షిత, పక్కన ఆ పిల్ల తల్లి నర్సింగమ్మ. హాలియా దగ్గర ఊరు. ఇతరుల పొలాల్లో నాటుకు, కలుపుకు పోయే మనిషి. నీళ్లలో నాని గోళ్ల చుట్టూ చర్మం తెల్లబడి ఉంది.

"మేడం, మీరొచ్చిండ్రు, ఇగ నాకు ఫికర్ లేదు," అంది. "కక్కుళ్లు అయినయని ఫోనొస్తే నా పానం పానంల లేదు. పిల్లేమో అన్నమే ముడ్తలేదంట. ఏమే అంటే, మేడం తింటే తింట అంటది."

"అమ్మా, ఊకో," అని అక్షిత గొణిగింది. కంచంలో పప్పన్నం కలిపి ఉంది. ఒక్క మెతుకు కూడా కదల్లేదు. ఆ పిల్ల కళ్లు ప్రవళిక చేతి మీదే ఉన్నాయి.

ప్రవళిక పప్పు కలిపింది. పిసికింది. చిన్న ముద్ద చేసింది. ఇవన్నీ ఆమె ముందే ఒప్పుకున్న పనులు. ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి పోపు ఘాటు కింద నుంచి పులిసిన వాసన ముక్కుకు తగిలింది. ఆపరేషన్ తర్వాత ఆమెకు ప్రతి వాసనా రెండింతలుగా తెలుస్తోంది. ముద్ద అక్కడే ఆగింది.

ఎదురుగా అక్షిత కూడా ముద్ద ఎత్తింది. అదీ నోటి దగ్గరే ఆగింది.

ప్రవళిక ముద్దను కంచంలో పెట్టేసింది. అక్షిత కూడా పెట్టేసింది.

"ఏమైంది మేడం? బాగలేదా?" నర్సింగమ్మ గొంతు పెద్దదేమీ కాదు. కానీ ఆ మాట అడగాలని పిల్లలకు వాంతులైన నాటి నుంచి అందరి గొంతుల్లోనూ ఉంది కాబట్టి, పక్క బల్లల దాకా వినిపించింది. తలలు తిరిగాయి.

కమలాకర్ బల్ల కింద ఆమె కాలు తొక్కాడు. రఘుపతి అప్పటికే వంటమనిషి చేతిలోంచి పప్పు బకెట్, గరిటె అందుకుని వస్తున్నాడు. కొసరి వడ్డించడం ఆయనకు ఫంక్షన్ హాలు నాటి అలవాటు. ఓనరే స్వయంగా వడ్డిస్తే పెళ్లివాళ్లు బిల్లు మీద నోరెత్తేవాళ్లు కాదు. ఇంటివాడు కొసరితే కాదనడం ఈ వైపు ఎవరికీ చేతకాదు, కడుపు పగులుతున్నా కంచం చాపుతారు.

"ఏంది ప్రవళికమ్మా, మొహమాటపడ్తున్నవ్? ఇంకో గంటెడు ఏసుకో. మా మేడంకు మా మెస్ పప్పంటే పానం!"

గరిటె కంచం మీదికి వంగింది. ప్రవళిక అరచేయి దానికి అడ్డం పెట్టింది.

హాలంతా చూస్తోంది. రఘుపతి ముఖంలో నవ్వు చెక్కుచెదరలేదు, లోపల మనిషి మాత్రం చకచకా లెక్కలు వేసుకున్నాడు. నిన్న పాతిపెట్టమన్న సంగతిని తానే తవ్వి తీశాడు.

"అయ్యో, నేనే మర్చిపోయిన!" అని అందరికీ వినిపించేలా అంటూ, బకెట్ బల్ల మీద పెట్టి నెత్తి కొట్టుకున్నాడు. "పాపం మేడంకు పొట్ట ఆపరేషనయింది గద. తగ్గనీకి చేయించుకున్నది. తింటే పడదు ఆమెకు. గంతే! కూడు సంగతి ఏం లేదు. మీరు తినుండ్రి, తినుండ్రి."

"అయ్యో బిడ్డా, గట్లనా!" నర్సింగమ్మ ముఖం తేటపడింది. పక్క బల్లల మీద చేతులు మళ్లీ కదిలాయి. ఎవరో అవ్వ ఆమె వైపు చూసి జాలిగా చప్పరించింది. వెనక ఒకరిద్దరు నవ్వారు. కమలాకర్ కాలు తొక్కడం మాని, ఆమె వైపు నీళ్ల గ్లాసు జరిపాడు. ఇంతకాలంలో ఆయన ఆమెకు నీళ్లివ్వడం అదే మొదలు.

ఇక ఏమీ చేయనక్కరలేదు. తల ఊపితే చాలు. ఉద్యోగం ఉంటుంది, రేపటి నుంచి బహుశా కుర్చీ కూడా వేస్తారు. ఆమె సిగ్గుపడాల్సిన సంగతి ఇప్పుడు హాలంతటికీ తెలిసిపోయింది. ఇంకా దాచుకోవడానికి ఏమీ మిగలకపోవడంలో ఒక చిత్రమైన తేలికతనం ఉంది. అది ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది.

"ఇగ తిను అక్షితా, తిను బిడ్డా. మేడంకు పానం బాగలేక తింటలేదు," అంటూ నర్సింగమ్మ తనే ముద్ద చేసి కూతురి నోటికి అందించబోయింది.

"ఆగక్కా," అంది ప్రవళిక.

నర్సింగమ్మ చేయి ఆగింది.

"ఆపరేషనయింది నిజమే. నాలుగు ముద్దలు తినేకాడ చెంచెడే తింటున్న. గది నిజమే." ఆమె నర్సింగమ్మ చేతిలోని ముద్ద వైపు చూసింది. "కానీ ఆపరేషన్ కాకపోయినా గీ పప్పు నేను తినను. రాత్రిది. పులిసింది. పిల్లకు పెట్టకు."

రఘుపతి చేతిలో గరిటె ఇంకా కంచం మీదికి వంగే ఉంది. వెనక్కి తీసుకుంటే ఒప్పుకున్నట్టవుతుంది, ముందుకు వంచితే అడ్డంగా చేయి ఉంది. వేడి పప్పు గరిటె అంచు మీంచి ఒక్కొక్క బొట్టుగా ఆమె చేతి మీద పడుతోంది.

ప్రవళిక చేయి తీయలేదు.